దుప్పటికి ఇవతల

ఆడవాళ్ళ వార్డులో మంచాలు ఇరవై రెండు, రోగులు ముప్ఫై ఒక్కమంది. మంచం దొరకనివాళ్ళు నేలమీద చాపల మీద పడుకున్నారు. పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కిన నర్సు విద్యార్థి కియింగి పదకొండయ్యేసరికి పద్నాలుగు మందికి ఒళ్ళు తుడిచాడు, ఆరుగురికి కట్లు మార్చాడు, వాంతి చేసుకున్న ఒక బాలింతకు పక్కబట్టలు మార్చాడు. ఇంకా టీ కూడా తాగలేదు. తోడుగా పనిచెయ్యాల్సిన రెండో విద్యార్థిని జ్వరంతో రాలేదు. అంత పెద్ద వార్డుకీ ఆ పూట అతనూ, పెద్ద నర్సు సిస్టర్ అమొంగినూ, ఇద్దరే.

ఆరో మంచాన్ని మాత్రం అతను ముట్టుకోలేదు. ఆ మంచం చుట్టూ తాడు కట్టి పూల దుప్పటి వేలాడదీసి ఉంది. మూడు రోజుల కిందట ఆ దుప్పటి ఇంటినుంచి తెచ్చి కట్టింది కియింగే. దుప్పటికి అవతల ఉన్నది అతని అత్తగారు, నలుమాన్సి.

ఉగాండాలోని మా బుగాండాలో అల్లుడు అత్తగారిని ముట్టుకోడు. ఒక గదిలో కూర్చోడు. దారిలో ఎదురుపడితే ఇద్దరిలో ఒకరు పొదల్లోకి తప్పుకుంటారు. ముట్టుకుంటే ఇద్దరికీ వణుకు రోగం పట్టుకుంటుందని, పిల్లలకు కూడా వస్తుందని నమ్మకం. చేతులు వణికే ముసలివాళ్ళు కనిపిస్తే, వయసులో అత్తగారి గిన్నెలో చెయ్యి పెట్టి ఉంటాడని చాటుగా నవ్వుకుంటూ పెరిగాం మేమంతా. చర్చికి వెళ్ళేవాళ్ళం వెళ్ళాం, మసీదుకు వెళ్ళేవాళ్ళం వెళ్ళాం, అందరం ఫోన్లు కొనుక్కున్నాం, ఇది మాత్రం ఎవరమూ వదల్లేదు. నేనూ వదల్లేదు, అబద్ధమెందుకు.

నలుమాన్సికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది గానీ ఎత్తిపొడుపులో పదును తగ్గలేదు. అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు కాబట్టి, నాలుగో మంచం రోగికి తోడొచ్చిన ముసలమ్మను మధ్యలో పెట్టుకుంది.

"ఓ వదినా, మా అల్లుడుగారు అటేపు తిరిగాడేమో చూడు. నేనిట్టా పొర్లాలి."

"తిరిగాడులేమ్మా. గోడకేసి చూస్తా నిలబడ్డాడు. పాపం, మెడ పట్టేసుద్ది."

"పట్టనీ. ఏరి కోరి తెచ్చుకున్న పనేగా."

ముసలమ్మ పకపకా నవ్వింది. గోడవైపు తిరిగి ఉన్న కియింగికి కూడా నవ్వొచ్చింది.

అత్తగారి కోపం రెండేళ్ళ నాటిది. అంతకు ముందు కియింగి చక్కెర కంపెనీలో చెరకు కాటా గుమస్తా. పదకొండేళ్ళు చేశాడు. నెలకు ఐదు లక్షల ఎనభై వేల షిల్లింగులు, రెండు గదుల కంపెనీ ఇల్లు, ఇంటికి పది కిలోల చక్కెర. ట్రాక్టరు వచ్చి కాటా ఎక్కుతుంది, అతను ముల్లు చూసి అంకె రాస్తాడు, ట్రాక్టరు దిగిపోతుంది, ఇంకోటి ఎక్కుతుంది. పదకొండేళ్ళలో అతను చూసింది ఆ ముల్లునే. ఒక రోజు చెరకు కొట్టే కూలీ ఒకతను కత్తి జారి పిక్క తెగి, నెత్తురోడుతూ కాటా పక్కనే కూలబడ్డాడు. కియింగి కిటికీలోంచి దూకి, చొక్కా విప్పి గట్టిగా బిగించి కట్టి, ఆసుపత్రి బండి వచ్చేదాకా ఆ కాలు పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. వెనక పంతొమ్మిది ట్రాక్టర్లు ఆగిపోయాయి. మేనేజరు వచ్చి కాటా వదిలినందుకు నానా తిట్లూ తిట్టాడు. ఆ తిట్లు అతనికి వినపడనేలేదు. మనిషి బతికాడు. బతికిన మనిషి వారం తర్వాత కర్ర ఊతతో వచ్చి, అతని చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ముల్లు చూడటం కియింగి వల్ల కాలేదు. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, పద్దెనిమిదేళ్ళ పిల్లలతో పాటు నర్సు చదువుకు దరఖాస్తు పెట్టాడు. అతని భార్య పేరు నమ్యాలో. సీటు వచ్చిన రోజే ఆమె కంపెనీ ఇంట్లో సామాను మూటలు కట్టడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఆమె ఆసుపత్రి గేటు ముందు పెనం పెట్టుకుని చపాతీలు కాల్చి అమ్ముతోంది. చపాతీ ఐదొందల షిల్లింగులు. ఆ చపాతీల మీదే ఇల్లు గడుస్తోంది, చదువూ గడుస్తోంది.

నలుమాన్సి మాత్రం ఊరుకోలేదు. వంటింటి గోడకు అవతల నిలబడి, ఇవతల వాకిట్లో ఉన్న అల్లుడికి వినపడేట్టు మనవరాలితో అంది:

"నసాలీ, మీ నాన్నతో చెప్పవే. నేను పిల్లనిచ్చింది కంపెనీ గుమస్తాకి. ఊళ్ళో ఆడోళ్ళ ఒళ్ళు కడిగేవాడికి కాదు. రేపు ఏ ఇంటి ఆడదాన్ని ముట్టుకుని వచ్చి మా గడపలో నిలబడతాడో ఎవరికి తెలుసు? ఇంక మా వాకిట్లోకి రావద్దని చెప్పు. మీ అమ్మని కూడా."

నసాలికి అప్పుడు ఐదేళ్ళు. చెప్పమన్నది చెప్పాలో వద్దో తెలియక గోడకు ఆ చివర, ఈ చివర చూసింది. ఆ రోజు నుంచి నమ్యాలో పుట్టింటి గడప తొక్కలేదు. తమ్ముళ్ళ పెళ్ళిళ్ళు రెండు అయిపోయాయి, పిలుపు రాలేదు. ఇప్పుడు తల్లి పడిపోతే మాత్రం, దగ్గరున్న ఆసుపత్రి ఇదే కాబట్టి ఇక్కడికే తెచ్చారు. మూడు రోజులుగా నమ్యాలో పెనం మూసేసి తల్లి దగ్గరే ఉంటోంది. కడిగేది ఆమె, తినిపించేది ఆమె, పొర్లించేది ఆమె.

పదకొండున్నరకు నమ్యాలో జావ కాచి తేవడానికి వంటల పాకకు వెళ్ళింది. అదే సమయానికి కాన్పుల వార్డు నుంచి కేక వినిపించింది. ఒక తల్లికి నెత్తురు ఆగడం లేదు.

"కియింగీ, నేను వెళ్తున్నా. వార్డు నీది," అని సిస్టర్ అమొంగిన్ పరుగెత్తింది.

నలుమాన్సికి దాహం వేసింది. నాలుగో మంచం ముసలమ్మ మంచి మనిషి. తన ఫ్లాస్కులోంచి కప్పు నిండా టీ పోసి, వెల్లకిలా పడుకున్న ఆమె నోట్లో పోసింది. పక్షవాతం వచ్చిన గొంతు మింగలేదని, కూర్చోబెట్టి చెంచాడు చెంచాడు పట్టాలని ముసలమ్మకు ఎవరు చెప్పారు?

దగ్గు వినిపించింది. తర్వాత దగ్గు కూడా కాని ఒక గరగర. కియింగి చేతిలో ఉన్న బేసిన్ కింద పెట్టి పరుగెత్తాడు. దుప్పటి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"పక్కకి తిప్పమ్మా! ఎడమ పక్కకి! నోరు కిందికి రావాలి!"

"అయ్యో, ఊపిరాడటంలా నాయనా!" ముసలమ్మ ఆమెను లేపి కూర్చోబెట్టి వీపు మీద బాదుతోంది.

"లేపొద్దు! తిప్పు! తిప్పు!"

"బరువు నాయనా, నా వల్ల కావటంలా!"

కియింగి మూలకు పరుగెత్తి, కాలితో తొక్కే పంపు ఈడ్చుకొచ్చాడు. గొంతులో అడ్డం పడింది లాగేసే పంపు అది. దాన్ని దుప్పటి కిందనుంచి లోపలికి తోశాడు.

"ఆ గొట్టం నోట్లో పెట్టు. కాలితో తొక్కు."

"ఏ గొట్టం? ఎందులో? నాకేం తెలుసు నాయనా, నువ్వు రా!"

దుప్పటి అంచు సందులోంచి నలుమాన్సి ఎడమ చెయ్యి కనిపించింది. చెయ్యి గాలిలోకి లేచింది, అరచెయ్యి అతనివైపుంది. రావద్దంటోందో, రమ్మంటోందో కియింగికి తెలియలేదు. దుప్పటి పట్టుకున్నాడు. పక్కకు లాగలేదు. గోడ గడియారంలో ముల్లు తిరుగుతోంది. వార్డులోని ఆడవాళ్ళందరూ లేచి కూర్చుని అతన్నే చూస్తున్నారు.

సిస్టర్ అమొంగిన్ చేతులకు ఇంకొకరి నెత్తురుతో పరుగెత్తుకొచ్చి దుప్పటి లాగి పారేసింది. ఏదో చేసింది, చాలాసేపు చేసింది. అప్పటికే అయిపోయింది.

"నువ్వెక్కడున్నావ్?" అని అడిగింది చివరికి.

"ఇక్కడే ఉన్నాను, సిస్టర్."

ఆమె టేసో తెగ మనిషి. వాళ్ళలోనూ అత్త దగ్గర అల్లుడికి హద్దులు ఉన్నాయి. అతన్ని చూసింది, కిందపడ్డ దుప్పటిని చూసింది, ఇంకేమీ అడగలేదు. తిట్టి ఉంటే కియింగికి కొంచెం తేలికగా ఉండేది.

నమ్యాలో జావ గిన్నె పట్టుకుని వచ్చింది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి, తేరుకున్నాక భర్తను అడిగిన మొదటి మాట, "నువ్వు ముట్టుకోలేదుగా?"

"లేదు."

"దేవుడు కాపాడాడు. పిల్లది ఉంది మనకి." తల్లి మొహం చూసి, "బాధపడిందా?" అంది.

"లేదు," అన్నాడు కియింగి.

మర్నాడు మధ్యాహ్నం నలుమాన్సి వాళ్ళ అరటితోటలో సమాధి తవ్వారు. గుడారాలు వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చారు, మైకు పెట్టారు. శవానికి చుట్టడానికి అల్లుళ్ళు తేవాల్సిన చెట్టు బెరడు నారబట్ట తీసుకుని కియింగి రెండేళ్ళ తర్వాత ఆ వాకిట్లోకి వచ్చాడు. ఎవరూ అడ్డుపడలేదు. పైగా బావమరుదులు లేచి కుర్చీ వేశారు. అతనికి అర్థం కాలేదు.

నమ్యాలో చిన్నాన్న కలూలె మైకు అందుకున్నాక అర్థమైంది.

"ఈ కియింగిని మనం ఎన్నెన్ని మాటలన్నాం? కంపెనీ నౌకరీ కాలదన్నుకుని ఆడోళ్ళ ఒళ్ళు కడగటానికి పోయాడని నేనే నవ్వాను. నిన్న ఆ వార్డులో ఉన్నోళ్ళు కళ్ళారా చూశారు. మా వదిన ప్రాణం పోతావున్నా ఈ మనిషి దుప్పటి దాటలా. ఒక్క వేలు తగల్లా. మా వదిన పరువుతో పోయింది. ఇట్టాంటి అల్లుడు ఎంతమందికి దొరుకుతాడయ్యా? ఇయ్యాల్టి నుంచి ఈయన మా వాకిట్లోకి మొహమాటం లేకుండా రావొచ్చు. మా నమ్యాలో కూడా."

చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ చాపల మీద కియింగి భార్యను పక్కవాళ్ళు దగ్గరికి తీసుకున్నారు. తమ్ముడి భార్య ఆమె కళ్ళు తుడిచింది. రెండేళ్ళుగా ఆమె మొహంలో లేని నెమ్మది ఆ ఏడుపులోంచే కనిపించింది. కియింగి అది చూశాడు. నోరు మూసుకుని కూర్చుంటే ఆ నెమ్మది ఆమెకు మిగులుతుంది. అది అతనికి బాగా తెలుసు. అయినా లేచాడు. మైకు అడిగి తీసుకున్నాడు.

"చిన్న మామగారూ, చప్పట్లు కొట్టించకండి. అత్తగారికి టీ గొంతులో అడ్డం పడింది. పక్కకి తిప్పి గొట్టంతో లాగేస్తే ఊపిరాడేది. నాకొచ్చు ఆ పని. ఈ రెండేళ్ళలో తొమ్మిదిమందికి చేశాను. ఎనిమిదిమంది బతికారు. ఆమెకి చెయ్యలేదు. అది మర్యాద కాదు. నాకు భయమేసింది. భయపడి, నేర్చుకున్న పని చేతిలో పెట్టుకుని చూస్తా నిలబడ్డాను."

కలూలె దగ్గరికొచ్చి మెల్లగా భుజం పట్టుకున్నాడు.

"కూర్చో అల్లుడుగారూ. దుఃఖంలో ఏదో మాట్లాడుతున్నావు."

"దుఃఖంలోనే చెబుతున్నాను. నిజమే చెబుతున్నాను."

"ఇట్టా చెబితే మన ఆడోళ్ళు ఆ ఆసుపత్రి గడప తొక్కుతారా? సరే, అడుగుతున్నా చెప్పు. అదుగో, మా వదిన చెల్లెలు. నీకు అత్తవరసే. రేపు ఆమె జబ్బుచేసి అదే మంచం మీద పడితే ఏం చేస్తావ్?"

ఆ పెద్దామె చాప మీద కూర్చుని ఉంది. కియింగి ఆమెవైపు చూడకూడదు. చూడలేదు కూడా.

"ముట్టుకుంటాను," అన్నాడు.

ఎవరో మైకు తీగ పీకేశారు. పెద్దామె లేచి, పైటకొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది. బావమరుదులు మొహాలు తిప్పుకున్నారు. కలూలె చెయ్యి అతని భుజం మీంచి జారిపోయింది. సమాధి దగ్గర పాట మొదలుపెట్టమని ఎవరో గట్టిగా అరిచారు. పాట మొదలైంది.

మట్టి వేసేటప్పుడు అల్లుడు దగ్గర ఉండకూడదు. కియింగి తోట చివర, అరటిచెట్ల మధ్య నిలబడ్డాడు. నమ్యాలో అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. నాలుగడుగుల దూరంలో ఆగింది.

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు. గడియారం చూశాను."

"బాధపడలేదన్నావు నాతో."

"అబద్ధం చెప్పాను."

ఆమె పారల చప్పుడు వింటూ నిలబడింది.

"నువ్వు లోపలికెళ్ళి ముట్టుకుని, అయినా అమ్మ పోయుంటే, నీ చెయ్యి తగిలే పోయిందని ఊరికంటే ముందు నేనే అనేదాన్ని."

"తెలుసు."

"బతికినా ఊరుకునేది కాదు. నీ మొహాన ఉమ్మేసేది." నమ్యాలో కొంగు నోట్లో కుక్కుకుని, తీసేసి, అంది: "ఉమ్మేసినా బాగుండేది, నసాలి నాన్నా. ఉమ్మేయటానికైనా మా అమ్మ ఉండేది."