తాలింపు పెట్టని పప్పు

ఆ రోజు ఉదయం ఆకాశం కురవనూ లేదు, వెలవనూ లేదు. తూర్పు కొండల మీద మబ్బు తడిబట్ట ఆరేసినట్టు వేలాడుతోంది. గాలి లేదు. కొట్టం మీద కాకులు కూడా అరవకుండా ముడుచుకుని కూర్చున్నాయి.

తవమణి పెరట్లో నిలబడి ఆ మబ్బును చూసింది. పూతలపట్టుకు అవతల ఉన్న ఆ ఊరికి చలికాలం ముందు వచ్చే వాన తన పుట్టింటి మీదుగానే వస్తుందని ఆమెకు తెలుసు. శ్రీలంక తూర్పు తీరాన, మట్టకళప్పు పక్కన, అమ్మ ఇంటి రేకుల మీద కురిసి, సముద్రం దాటి, రెండు మూడు రోజులకు ఇక్కడికి చేరుతుంది. నోరు పడిపోక ముందు అమ్మ ఫోన్లో చెప్పేది: "ఇక్కడ కురిసి పోయింది. ఎండబెట్టినవేమన్నా ఉంటే ఎత్తి లోపల పెట్టుకో."

తవమణి, హరినాథ్ కువైట్‌లో ఒకే ఇంట్లో పనిచేశారు. ఆమె వంట చేసేది, అతను కారు నడిపేవాడు. తిరుచానూరులో తాళి కట్టి ఊరికి తీసుకొచ్చాడు. ఇప్పుడు పాల వ్యాను నడుపుతున్నాడు. కూతురు భానుశ్రీ పలమనేరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇన్నేళ్లలో తవమణి యాస కూడా ఈ ఊరిదే అయిపోయింది. పేరు మాత్రం కాలేదు. ఊరికి ఆమె లంకమ్మే. ఏటా వీసా పొడిగించుకోవడానికి చిత్తూరు పోవాలి. మధ్యలో ఎప్పుడన్నా కానిస్టేబుల్ వచ్చి, గేటు బయటే నిలబడి, "ఫారిన్ ఆమె ఉండాదా?" అని కేకేసేవాడు. ఆమె పేడ చేతులతో బయటికొచ్చి కనబడి పోవాలి.

అత్త రాఘవమ్మ ఆమెను అన్ని పనులకూ పెట్టింది, దేవుడి గది దీపానికి తప్ప. "ఇంగా ఆ దేశం కాగితం మీదే గదా నువ్వుండేది. మన దేశం మనిషివైనంక నువ్వే పెడుదువులే," అనేది. తమాషాకన్నట్టే అనేది. కానీ గది తలుపు దగ్గరికి పోతే నవ్వు మానేసేది.

ఈ పౌరసత్వం రావాలంటే ఆ పౌరసత్వం వదలాలి. ఆడి నెలలో చెన్నై పోయి తన పాస్‌పోర్టు ఇచ్చేసి వచ్చింది. ఇచ్చిన పక్షం రోజులకే అమ్మకు పక్షవాతం వచ్చింది. పోయి చూడడానికి చేతిలో ఏ దేశం కాగితమూ లేదు. రోజూ సాయంత్రం తమ్ముడు ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టేవాడు. తవమణి ఏదో ఒకటి చెప్పేది. అమ్మ 'ఊ' అనేది. ఆ 'ఊ' కోసమే ఆమె పొద్దు గడిపేది.

ఈ రోజు చిత్తూరులో ప్రమాణం చేయించి సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో ఇక్కడి పాస్‌పోర్టు వస్తుంది. అది రాగానే అమ్మ దగ్గరికి. అమ్మ అంతదాకా ఉంటే చాలు. ఆమె ఇంకేమీ కోరుకోలేదు.

సోమవారం సాయంత్రం హరినాథ్ ఆమె ఫోను చూసి, "బ్యాటరీ ఉబ్బిందిమే, పేలిపోతాది. పూతలపట్టులో షాపులో ఇచ్చేసి వస్తా," అని తీసుకుపోయాడు. తన ఫోన్లోంచి లంకకు పోదని, రెండు దినాలు ఆగమని అన్నాడు. తిరిగొచ్చి తలకు పోసుకున్నాడు. "దుమ్ము," అన్నాడు. ఆ రాత్రి పప్పులో తాలింపు లేదు. అడిగితే, "ఆవాలు అయిపోయినాయి," అంది రాఘవమ్మ. మంగళవారమూ అంతే. ఈ ఉదయం టీ పెడుతూ తవమణి పోపుల పెట్టె తీసింది. ఆవాలు నిండుగా ఉన్నాయి. కాసేపు ఆ గిన్నెలోకే చూసింది. ముసలామె మరిచిపోయుంటుంది అనుకుంది.

కొత్త చీర కట్టుకుని వచ్చేసరికి దేవుడి గదికి గొళ్లెం వేసి ఉంది.

"అత్తా, దీపం పెట్టలేదే?"

"నడుము పట్టేసిందిమే. మీరు బయల్దేరండి."

"నేను పెడదునా మరి? ఈ పొద్దే గదా..."

"వద్దు!" రాఘవమ్మ గొంతు ఇల్లంతా మోగింది. తర్వాత తగ్గించింది. "రేపు పెడుదువులే. రేపట్నించి నీదే ఆ గది."

తవమణి గొళ్లెం వైపు, అత్త వైపు చూసింది. "మనోళ్లు ఎవురన్నా పోయినారా అత్తా?"

"నోరు కడుక్కో పో. మంచి పనికి పొయ్యేటప్పుడు ఏం మాటలవి?"

బయట సుందరరాజు కారు హారన్ కొట్టాడు. ఆ ఊరి పెద్దల్లో ఒకాయన. తవమణి ఫైలు వెంట ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే. తిరిగానని వారానికొకసారి గుర్తు చేసేదీ ఆయనే. హరినాథ్ ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో కూర్చున్నారు. చిత్తూరు రోడ్డెక్కిన తర్వాత సుందరరాజు మొదలుపెట్టాడు.

"ఏం లంకమ్మా, ఈ పొద్దుతో రావణాసురుడితో సుట్టరికం తీరిపోతాది గదా?"

"ఆ, తీరిపోతాది సుందరన్నా."

"మరి క్రికెట్టు పెడితే సప్పట్లు ఎవురికి?"

"నాకు క్రికెట్టు తెలీదన్నా."

"తప్పించుకుంటాండాది సూడబ్బా హరీ! సంతకం పెట్టించుకునే ముందు ఇది అడగల్ల ఆఫీసరు."

హరినాథ్ నవ్వలేదు. మామూలుగా సుందరరాజు ఏమన్నా ముందు నవ్వేది అతనే. తవమణి ముందు అద్దంలో భర్త ముఖం చూసింది. నుదుట నామం లేదు. నామం పెట్టుకోనిదే అతను వ్యాను తాళం కూడా తిప్పడు. జ్వరంలో కూడా పెట్టుకున్న మనిషి. నిన్న కూడా లేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

కిటికీ అద్దం దించింది. మబ్బు కారుతోపాటే వస్తోంది. మామిడితోటలు, ఇటుకబట్టీలు, మళ్లీ మామిడితోటలు. ఆమె ఒకటే ఆలోచన పట్టుకుంది. హరినాథ్ వాళ్ల పెద్దమ్మ ఏర్పేడులో మంచంలో ఉంది గదా, ఆమే పోయుంటుంది. ఆమే పోయుండాలి. బతికున్న మనిషిని అట్లా అనుకుంటున్నందుకు భయమేసింది. అయినా అనుకుంటూనే ఉంది.

ఆఫీసులో ఎక్కువసేపు కూర్చోబెట్టలేదు. ఆఫీసరు నెమ్మదైన మనిషి. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, సర్టిఫికెట్‌లో వివరాలు ఒక్కొక్కటీ చదివి సరిచూశాడు.

"తండ్రి పేరు కందసామి. తల్లి పేరు చెల్లమ్మ. సరిగ్గా ఉన్నాయా అమ్మా?"

"సరిగ్గా ఉండాయి సార్."

"నాన్నగారు లేరని రాశారు. అమ్మగారు ఉన్నారుగా?"

మాట కలపడానికే అడిగాడు. తవమణి నోరు తెరిచేలోగా హరినాథ్ అందుకున్నాడు.

"ఉండాది సార్. బాగుండాది."

బాగుంది అన్నాడు. అమ్మ పక్షవాతంతో పడుందని తెలిసి కూడా బాగుంది అన్నాడు. తవమణి తల తిప్పి అతన్ని చూసింది. అతను ఆఫీసరు బల్ల మీది పేపర్‌వెయిట్‌ను చూస్తున్నాడు. నుదురు బోడిగా, చెమటతో మెరుస్తోంది.

తాలింపు. గొళ్లెం. తలస్నానం. ఫోను. ఏర్పేడు పెద్దమ్మ ఆమె మనసులోంచి లేచి వెళ్లిపోయింది.

"ఇంకేం మరి, పాస్‌పోర్టు రాగానే వెళ్లి చూసి రావచ్చు," అన్నాడు ఆఫీసరు. "లేచి నిలబడి ఇది చదవండమ్మా. తెలుగు చదవగలరు కదా?"

"సదవగలను సార్."

లేచి నిలబడింది. హరినాథ్ అప్పుడు మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. ఆమెకు తెలిసిపోయిందని అతనికీ తెలిసింది. అతని పెదవులు కదిలాయి. 'చదువు' అన్నాయి. బతిమాలుతున్నట్టు ఉన్నాయి, బెదిరిస్తున్నట్టూ ఉన్నాయి.

చదవనని ఏడుస్తూ కూలబడొచ్చు. కూలబడి పోయేదెక్కడికి? తన దేశానికి తనే రాసిచ్చింది, నేను నీ మనిషిని కాదని. ఆ కాగితం వెనక్కి రాదు. ఇది చదవకపోతే ఇది కూడా రాదు. గుమ్మం మీద నిలబడ్డ మనిషి వెనక తలుపు మూసేశారు. ముందు తలుపు లోపల అమ్మ లేదు.

చదివింది. భారత రాజ్యాంగం పట్ల విశ్వాసం, విధేయత కలిగి ఉంటానని, చట్టాలను నిజాయితీగా పాటిస్తానని, తవమణి అనే నేను అని, ఎక్కడా తడబడకుండా చదివింది. ఆఫీసరు మెచ్చుకున్నాడు. "చాలామంది ఇక్కడ ఏడుస్తారమ్మా. మీరు గట్టి మనిషి."

సుందరరాజు ఫోటో తీశాడు. "రొవంత నవ్వుమ్మా, గ్రూపులో పెట్టల్ల."

ఆమె నవ్వింది.

తిరుగు దారిలో సుందరరాజు మైసూర్‌పాకు కొన్నాడు. ఊళ్లో పాలు పోసే చోట సాయంత్రం అందరూ ఉంటారు, అక్కడ దించుతానన్నాడు. "ఇంటికి పోదాం అన్నా," అన్నాడు హరినాథ్ మెల్లగా. సుందరరాజు అద్దంలో వెనక్కి చూసి, "నేరుగా ఇంటికి పోతే ఏమన్నా అనుకుంటాదప్పా. అనుమానం వచ్చే మాదిరి వొద్దు," అన్నాడు. వెనక సీట్లో మనిషికి చెవులుండవన్నట్టు అన్నాడు.

పాలు పోసేచోట ఆడవాళ్లు క్యాన్లతో వరసగా నిలబడి ఉన్నారు. తవమణి డబ్బా పట్టుకుని దిగింది. ఒక్కసారిగా మాటలు ఆగాయి. ఆమె వరస మొదటినుంచి పంచుతూ పోయింది. తీసుకున్నారు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ నోట పెట్టనూ లేదు. ఒకామె కొంగున కట్టుకుంది. ఒకామె క్యాను మూత మీద పెట్టి మూత వైపే చూస్తూ నిలబడింది.

మునిరామయ్య తాత ఆ ఊళ్లో ఏ పెళ్లిలోనూ తీపి వదలని మనిషి. ఆయన అరచేతిలో ముక్కను అటూ ఇటూ తిప్పాడు.

"తిను తాతా," అంది తవమణి.

"సక్కెర జబ్బు గదమ్మా."

"మొన్న సుందరన్న కొడుకు పుట్టినరోజుకు మూడు లడ్లు తింటివే?"

ముసలాయన తల దించుకున్నాడు. ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. వెనక ఎవరో గొంతు తగ్గించి, "పాపం, సెప్పలేదంట ఇంగా," అన్నారు. ఇంకెవరో "ష్" అన్నారు.

చావు అంటు ఉన్న చేతి తిండి ఎవరూ తినరు. తినకూడదు. ఊరు నియమం తప్పలేదు. ఊరందరికీ తెలుసు, ఆమెకొక్కదానికి తప్ప. ఆమె డబ్బా ఖాళీ అయ్యేదాకా పంచింది. చివరి ముక్క సుందరరాజుకు ఇచ్చింది.

"నువ్వన్నా తినన్నా. నువ్వే గదా తిరిగినావు."

ఆయన దాన్ని కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి, "తర్వాత తింటాలే," అన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె లోపలికి పోలేదు. పక్కనుంచి నేరుగా పెరట్లోకి పోయి, తొట్టి దగ్గర నిలబడి, కొత్త చీరతోనే చెంబు ముంచి నెత్తిన పోసుకుంది. మళ్లీ పోసుకుంది. రాఘవమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసి, అలాగే ఆగిపోయింది. హరినాథ్ కొట్టం స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పుడు పోయింది?" అంది తవమణి. నీళ్లు ముఖం మీదుగా కారుతున్నాయి.

"సోమారం తెల్లారుజామున," అన్నాడు హరినాథ్. "మీ తమ్ముడు ఫోన్ జేసినాడు. నీకు సెప్తే నువ్వు ఈ పొద్దు రావు. ఈ డేటు పోతే మళ్లా ఎప్పుడిస్తారో ఏమో. ఇన్నేండ్లు తిరిగినాము గదమే. సెప్పినా పోలేవు గదా నువ్వు. పోలేనప్పుడు సెప్పి ఏం లాభం?"

"ముఖమన్నా సూసుకుందును గదయ్యా, ఫోన్లో."

రాఘవమ్మ లోపలికి పోయి బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి, తవమణి ఫోను తీసుకొచ్చి, బియ్యపు గింజలు తుడిచి ఇచ్చింది. "మీ తమ్ముడు వీడియో పంపినాడంట. అంతా ఉండాదంట దాంట్లో. నీ ఫోటో ఆమె పక్కన పెట్టినారంట."

తవమణి ఫోను నొక్కింది. చార్జింగు లేదు. నల్లటి అద్దంలో తడిసిన తన తల కనిపించింది.

"మేమేం తప్పు సెయ్యలేదు మే," అంది రాఘవమ్మ. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "ఆయమ్మకు జరగాల్సింది జరిపినాము. కూతురికి, అల్లుడికి మూడు దినాలు. దీపం పెట్టలేదు, తాలింపు పెట్టలేదు, నా కొడుకు నామం పెట్టలేదు. తప్పు జరిగిందని అనేటట్టు లేదు నన్నెవురూ. పద్ధతిగా పట్టినాము. ఈ పొద్దుతో తీరిపోయింది. రేపు తలకు పోసుకుని నువ్వే దీపం పెట్టు. ఇంగ నువ్వు ఈడి మనిషివి."

తన తల్లి కోసం తను పట్టాల్సిన మూడు రోజులు వాళ్లు పట్టేశారు. ఆమె ఆ మూడు రోజులూ టీ పెట్టుకుంది, కొత్త చీర మడతలు సరిచేసుకుంది, ప్రమాణం బట్టీ పట్టింది, అమ్మతో ఏం మాట్లాడాలో అనుకుంటూ నిద్రపోయింది.

చీకటి పడింది. రాఘవమ్మ పొయ్యి మీద చిన్న గరిటె పెట్టి నూనె పోసింది. పోపుల పెట్టె తీసింది.

"ఇంగ పెట్టొచ్చు తాలింపు. పొద్దు గూకింది గదా. రెండు దినాలుగా సప్పిడి తింటాండాము."

"వద్దత్తా," అంది తవమణి. బట్టలు మార్చుకుని వచ్చి గోడవారగా నిలబడి ఉంది. "మీకు తీరిపోయింది. నాకు ఈ పొద్దే మొదులు."

రాఘవమ్మ చేతిలో ఆవాలు చేతిలోనే ఉన్నాయి. కొడుకు వైపు చూసింది. అతను కళ్లు తిప్పుకున్నాడు. పొయ్యి ఆపేసింది. ఆవాలు ఒక్కటీ కింద పడకుండా మళ్లీ పెట్టెలో పోసింది.

ఎప్పుడూ కొడుకు తిన్నాక, తను తిన్నాక, చివర్న కోడలికి పెట్టే మనిషి. ఆ రాత్రి మూడు కంచాలు పక్కపక్కనే పెట్టింది. బయట వాన మొదలైంది. సముద్రం దాటి వచ్చిన వాన, ముందు కొట్టం రేకుల మీద, తర్వాత ఇంటి మీద. ముగ్గురూ కూర్చున్నారు. రాఘవమ్మ అన్నం పెట్టింది, పప్పు పోసింది. తవమణి కలుపుకుని మొదటి ముద్ద నోట పెట్టుకుంది. ఆమె తిన్నాకే మిగతా ఇద్దరూ చేతులు కదిపారు. ఉప్పు తక్కువైంది. ఎవరూ అడగలేదు.