ఉదయగిరి టైంపీసు

పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల చీరో సారో అడుగుతుంది. పద్మావతమ్మ పాత టైంపీసు అడిగింది.

వాళ్ళ నాయన పెంచలనరసింహం పకపకా నవ్వాడు. ఉదయగిరి బజారులో ముప్ఫై ఏళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్న మనిషి, డెబ్బై దగ్గర పడుతున్నా పళ్ళు గట్టివి, పట్టుదల అంతకంటే గట్టిది. గోడకు కొత్తగా లోలకం గడియారం తగిలించి నెల కూడా కాలేదు. దాని ముందు ఈ టైంపీసు ఏపాటిది? జర్మనీ సరుకే గానీ నెత్తిన ఉన్న రెండు గంటల్లో ఒకటి సొట్టపోయింది. నిలబెడితే ఆగిపోతుంది, వెల్లకిలా పడుకోబెడితేనే నడుస్తుంది. అలారం దానికి బుద్ధి పుట్టినప్పుడు మోగుతుంది. ఇలాంటిదాన్ని ఆత్మకూరు దాకా మోసుకుపోయి ఏం చేసుకుంటావని ఆయన అడిగాడు.

ఏం చేసుకుంటుందో ఆమె పైకి చెప్పలేదు. ఆత్మకూరులో ఆమె పడక పక్కన రేడియం ముళ్ళ గడియారం ఉంది. భర్త రంగనాథం నెల్లూరు నుంచి తెచ్చాడు. చీకట్లో పచ్చగా మెరుస్తుంది, నడుస్తున్నదో లేదో చెవి ఆనించి వింటే గానీ తెలియదు. ఈ ముసలిది అట్లా కాదు, టకటకమని ఇల్లంతా వినబడేలా నడుస్తుంది. ఆ చప్పుడు వింటూ ఆమె కూతురు చెంచులక్ష్మిని కన్నది. ఆ చప్పుడు పక్కనే పిల్ల పదకొండేళ్ళుగా నిద్రపోతున్నది. పిల్లను ఆత్మకూరు తీసుకుపోయే వీలు లేదు. పిల్ల వినే చప్పుడునన్నా తీసుకుపోదామని తల్లి ఆశపడింది.

వీలు ఎందుకు లేదంటే, దానికి కారణం ఒక కాగితం.

చెంచులక్ష్మి నలభై నాలుగులో ఉదయగిరిలోనే పుట్టింది. మంత్రసాని హన్నమ్మ బిడ్డను పైకెత్తి టైమెంతో చూడమంటే, మంచం పక్కన గూట్లో ఉన్న ఈ టైంపీసు చూసి పద్మావతమ్మే చెప్పింది, పొద్దున ఆరు గంటల పది నిమిషాలని. పెంచలనరసింహం అదే కార్డు ముక్క మీద రాసి ఆత్మకూరుకు వేశాడు. జాతకం రాయించే హక్కు తండ్రి వైపు వాళ్ళది. ఆ ఇంటి పురోహితుడు లెక్కలు వేసి, మూలా నక్షత్రం మొదటి పాదం అన్నాడు. మొదటి పాదంలో పుట్టిన బిడ్డ తండ్రికి గండం. అయినా భయం లేదు, శాంతి చేయించి, నూనెలో బిడ్డ నీడను ముందుగా తండ్రికి చూపిస్తే సరిపోతుంది, ఆ తరువాత హాయిగా ఎత్తుకోవచ్చు అన్నాడు ఆయన.

శాంతికి రోజు పెట్టుకున్న వారంలోనే రంగనాథానికి విషజ్వరం తగిలింది. నలభై రోజులు మంచం దిగలేదు. చిన్నతనంలోనే భర్త పోయి, ఆ ఒక్క కొడుకునూ పట్టుకుని బట్టల కొట్టు నిలబెట్టుకున్న మనిషి అత్తగారు కోటమ్మ. ఆ నలభై రోజుల్లో ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది. శాంతీ వద్దు, నూనే వద్దు. పిల్ల ఉదయగిరిలోనే పెరగాలి, తండ్రి కంట పడకూడదు. ఆ ఏడు ఆత్మకూరులో ఇంకా ఎంతోమందికి అదే జ్వరం వచ్చింది. వాళ్ళందరికీ మూల మొదటి పాదం కూతుళ్ళు ఉన్నారా అని అడిగే నోరు ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

తరువాత ఇద్దరు మగపిల్లలు పుట్టి ఆత్మకూరులోనే పెరుగుతున్నారు. చెంచులక్ష్మిని చూడడానికి పద్మావతమ్మ ఏడాదికి రెండుసార్లు బస్సెక్కి వస్తుంది. రంగనాథం ఎప్పుడన్నా అత్తవారింటికి వస్తే పిల్లను పక్కింటికి పంపేస్తారు. ఇంత చిన్న ఏర్పాటుతో పదకొండేళ్ళు గడిచిపోయాయి.

ఇక ఆ రోజు సంగతి. పెంచలనరసింహం గడియారం ఇవ్వడానికి ఒప్పుకుని, దానికి కీ ఇస్తూ గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు. వస్తువును వదిలించుకునేటప్పుడే మనుషులకు దాని మీద ప్రేమ పొంగుకొస్తుంది.

"దీని ముల్లు నేను తప్ప ఇంకొకడు తిప్పింది లేదు. యుద్ధంలో గవర్నమెంటోళ్ళు గడియారాలన్నీ గంట ముందుకు తిప్పమన్నారు గదా. ఊరంతా తిప్పినారు. నేను తిప్పలా. వాళ్ళు చెప్పినారని సూర్యుడు గంట ముందు లేస్తాడా?"

పద్మావతమ్మ చప్పున తలెత్తింది. ఒక్కరోజు కూడా తిప్పలేదా నాయనా అని అడిగింది. ఒక్కరోజు కూడా తిప్పలేదన్నాడు ఆయన. యుద్ధం అయిపోయాక ఊళ్ళో వాళ్ళంతా మళ్ళీ వెనక్కి తిప్పుకుంటూ ఉంటే అరుగు మీద కూర్చుని నవ్వానని కూడా చెప్పాడు.

ఆమె పెట్టెలో ఉన్న జాతకంలో పుట్టిన సమయం ఐదు గంటల పది నిమిషాలని ఉంది. తాను చూసింది ఆరూ పది. ఆ తేడా యుద్ధం గంట తాలూకు తేడా అని, పురోహితుడు దాన్ని సరిగ్గానే తీసేశాడని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చింది. ఆత్మకూరులో గడియారాలన్నీ తిప్పినవే కాబట్టి, ఉదయగిరి గడియారం కూడా తిప్పిందేనని ఆయన అనుకున్నాడు. తిప్పని గడియారంలోంచి గంట తీసేశాడు. పిల్ల పుట్టింది నిజంగా ఆరూ పదికే.

ఈ మాట నాయనతో అనడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఆయనకు కడుపులో మాట దాగదు. పైగా ఆరూ పది అయితే ఏమవుతుందో ఎవరు చెప్పొచ్చారు? ఇంతకంటే మంచిదే అవుతుందని ఎక్కడుంది? ఇంకా పాడు పాదమేదన్నా బయటపడితే, ఏడాదికి రెండుసార్లు వచ్చే ఈ రాకపోకలు కూడా ఆగిపోవచ్చు. చెంచులక్ష్మి వచ్చి తువ్వాలులో గడియారాన్ని జాగ్రత్తగా చుట్టి ఇస్తుంటే, ఆ చేతుల వంక చూడలేక తల వంచుకుంది.

బస్సులో గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దుత్తలూరు దాటగానే అలారం మోగింది. సొట్టగంట కర్ణకఠోరంగా కొట్టుకుంటూ ఉంటే, బస్సులో జనమంతా వెనక్కి తిరిగి చూశారు. కండక్టరు ఏందమ్మా అది అని దగ్గరికి వచ్చాడు. పద్మావతమ్మ తువ్వాలు విప్పి ఆపడానికి చేతులు రాక, రెండు చేతులతోనూ గంటలను గట్టిగా అదిమి పట్టుకుంది. తాను దాచుకున్న మాట అందరికీ వినబడిపోతున్నట్టు చెమటలు పట్టాయి. పాపం, వాళ్ళకు వినబడింది పాత గడియారం చప్పుడు మాత్రమే. నవ్వుకుని ముందుకు తిరిగారు.

ఇంటికి చేరాక రెండు రోజులు నోరు విప్పలేదు. అన్నం వడ్డిస్తూ మాట నాలుక చివరి దాకా తెచ్చుకునేది, అత్తగారి మొహం చూసి మింగేసేది. పుట్టింటికి పోయి, తండ్రీ కూతురూ కూర్చుని కథ అల్లుకుని వచ్చారంటే ఏం చెప్పాలి? గడియారమేమన్నా సాక్ష్యం చెబుతుందా? ఉప్పు రెండుసార్లు వేసిన పులుసు తిని చిన్నకొడుకు మొహం చిట్లించాడు. మూడో రోజు మధ్యాహ్నం, రంగనాథం భోజనం ముగించి చేయి కడుక్కుంటుండగా, ఇక ఆగలేక ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆమె అనుకున్నంతా అయింది. మీ నాయన మాట ఇవాళొకటి రేపొకటి అని కోటమ్మ కొట్టిపారేసింది. పదకొండేళ్ళ కిందట ముల్లు ఎక్కడున్నదో ఇప్పుడెవరు చూడొచ్చారంది. పద్మావతమ్మ ఇక ఏడవడమే తరువాయి.

అప్పుడు రంగనాథం చెంబు కింద పెట్టాడు.

"తిప్పలేదన్నది నిజమేనమ్మా. ఈమెను కాన్పుకు దిగబెట్టి వచ్చే రోజు, ఆ గడియారం చూసుకోనే ఆరు గంటల బస్సుకు బయల్దేరినాను. పోయి చూస్తే, గవర్నమెంటు గంటకు నడిచే బస్సు ఎప్పుడో పోయుండాది. మా మామ ఒకటే నవ్వినాడు."

చెప్పి ఉన్నచోటే కూర్చుండిపోయాడు. బస్సు తప్పిపోయిన సంగతి ఆయనకు తెలుసు, కూతురి జాతకమూ తెలుసు. పక్కపక్కనే ఉన్న ఆ రెండింటినీ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా కలిపి చూసుకోలేదు. పద్మావతమ్మకు ఆయన మీద అంతులేని కోపం వచ్చింది. ఆ కోపం తనదాకా కూడా వచ్చి ఆగింది, ఎందుకంటే నాయన మొండితనం తెలిసి కూడా తానూ కలిపి చూసుకోలేదు.

పురోహితుడికి కబురు వెళ్ళింది. ఆయన పాత పంచాంగం చంకన పెట్టుకుని వచ్చాడు. దేశమంతా తిప్పిన ముల్లును ఉదయగిరిలో ఒక్క మనిషి తిప్పలేదని తనకెట్లా తెలుస్తుందని ముందు కాస్త కోప్పడి, తరువాత లెక్క మొదలుపెట్టాడు. పద్మావతమ్మ తలుపు వారగా నిలబడి ఆయన వేళ్ళనే చూస్తూ ఉంది. ఒక్కో కణుపూ దాటుతుంటే ఆమె ఊపిరి ఒక్కో మెట్టూ దిగిపోతున్నది. ఆ తెల్లవారుజామున ఐదున్నరకే మొదటి పాదం వెళ్ళిపోయిందని, ఆరూ పదికి పుట్టిన బిడ్డది రెండో పాదమని ఆయన తేల్చాడు. తండ్రికి ఏ దోషమూ లేదు.

"రెండో పాదం తల్లికి గండం," అన్నాడు మెల్లగా, తలుపు వైపు చూడకుండా.

కోటమ్మే ముందుగా తేరుకుంది. ఆమె మొహం మీద పదకొండేళ్ళుగా లేని వెలుగు వచ్చింది.

"తల్లికా? ఇంకేం మరి. పోయి పిల్లని తెచ్చుకో."

పద్మావతమ్మకు ముందు సంతోషమే కలిగింది, గుమ్మం పట్టుకోవలసి వచ్చేంత సంతోషం. ఆ మాటలోని ముల్లు కాసేపటికి గానీ గుచ్చుకోలేదు. కొడుక్కయితే ఊళ్ళు దాటించవలసిన గండం, కోడలికయితే ఇంకేం మరి. అత్తగారు చెడ్డది కాదు, అబద్ధమూ ఆడలేదు, మనసులో ఉన్న లెక్క బయటపెట్టింది అంతే. నీకు భయం లేదా అని రంగనాథం లోగొంతుతో అడిగాడు. లేదంది ఆమె. నన్నూ ఎవరన్నా ఇట్లా అడిగుంటే అని ఏదో అనబోయి ఆయన ఆగిపోయాడు. అడిగితేనే చెప్పాలా అని ఆమె నోటిదాకా వచ్చింది గానీ, పిల్ల వస్తున్న వేళ పోట్లాట దేనికని ఊరుకుంది.

మరునాడే బస్సెక్కింది. ఈసారి నాయనతో అంతా చెప్పింది. చెప్పడమే తప్పయింది. పెంచలనరసింహం తన గడియారం గెలిచిందని సాయంత్రంలోగా బజారంతా చాటి వచ్చాడు, రెండో పాదం సంగతితో సహా. తెల్లవారి బట్టలు సర్దుదామని పద్మావతమ్మ చూస్తే, చెంచులక్ష్మి పెరట్లో తులసికోట పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. తాను రానంది.

"నాయన మొహం నాకు తెలవనే తెలవదు. ఆయనకి గండమంటే దూరంగా ఉండిపోయినాను. ఇప్పుడు నీకంటున్నారు. నేను వస్తే నీకేమన్నా అయితే?"

పద్మావతమ్మ ఆత్మకూరులో ఒప్పించవలసిన వాళ్ళనందరినీ ఒప్పించి వచ్చింది. ఇక్కడ ఇట్లా అడ్డు తగులుతుందని కలలో కూడా అనుకోలేదు. పదకొండేళ్ళ పిల్ల తనను తాను ఒక జబ్బులాగా చూసుకుంటున్నది. ఎవరూ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పలేదు, పక్కింటికి పంపిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా అదే నేర్చుకుంది. తల్లి కింద చతికిలపడి పిల్ల గడ్డం పట్టుకుంది.

"పుట్టిన కాణ్ణించి నిన్ను చూస్తానే ఉండాను గదే. నా పాలే తాగినావు. ఏమయినాను నేను? రాయిలాగుండాను."

పిల్ల ఆమె మొహాన్ని చాలాసేపు పరీక్షగా చూసింది. తరువాత లేచి పావడా దులుపుకుని లోపలికి వెళ్ళి, తన బట్టలు తానే సంచిలో పెట్టుకుంది.

బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. భయపడుతున్నదేమోనని పద్మావతమ్మ మాటిమాటికీ చూస్తూ ఉంది. దుత్తలూరు వెనకబడ్డాక పిల్ల ఇటు తిరిగింది.

"అమ్మా, నాయన కూడా నన్ను చూసుంటే, ఆయనకీ ఏం అయ్యుండేది కాదా?"

పాదాలు వేరని, ఆ లెక్క వేరని ఏదో ఒకటి చెప్పొచ్చు. పెద్దవాళ్ళను తప్పు పట్టకూడదని కసరొచ్చు. పద్మావతమ్మ చుట్టూ చూసింది, ఎవరన్నా వింటారేమోనని. పదకొండేళ్ళుగా తనలో తాను కూడా అనుకోవడానికి భయపడిన మాట అది.

"ఏం అయ్యుండేది కాదు," అంది.

పిల్ల తల ఊపి మళ్ళీ కిటికీలోకి తిరిగింది.

ఆత్మకూరులో పట్టపగలు కొట్టు మూసేసి రంగనాథం బస్సు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. పద్మావతమ్మ ముందు దిగి, వెనక పిల్లను దించింది. ఈయనే మీ నాయన అని చూపించడానికి సిగ్గేసి ఊరుకుంది. ఆయన రెండడుగులు ముందుకు వేశాడు. అంతలో పిల్ల తలెత్తగానే ఆయన మెడ దానంతటదే పక్కకు తిరిగిపోయింది. బస్సు పైనున్న మూటల వంక చూస్తూ నిలబడ్డాడు. తిప్పుకోవాలని ఉంది, మెడనరాలు బిగుసుకుని కనబడుతున్నాయి, తిరగడం లేదు.

చెంచులక్ష్మి ఒక్క క్షణం చూసింది. తల్లి చేయి వదిలి, సంచి కింద పెట్టి, ఆయన మొహం తిప్పుకున్న వైపుకు నడిచి వెళ్ళి అక్కడ నిలబడింది.