పనిముట్ల సెలవు

కూర్మయ్య పాత లుంగీ ముక్కతో కంప్యూటర్ డబ్బా వీపు తుడుస్తున్నాడు. అక్కడ తుడవాల్సిన మురికేమీ లేదు. కానీ బంగ్లా మాట్లాడే లిలువా ఊరి రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లుగా బోగీల తలుపులు విప్పి, తుడిచి, మళ్లీ బిగించిన చేతులవి, ఊరికే ఉండమంటే ఉండవు. గోళ్ల సందుల్లో గ్రీజు ఏనాడో కాపురం పెట్టేసింది. మనిషి పొట్టి, భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి. ఎవరేం చెప్పినా తల ఊపడానికి సిద్ధంగా ఉన్నట్టు మెడ ఎప్పుడూ కొంచెం కదులుతూనే ఉంటుంది.

"దానికి సక్రాలెట్టు మావా, మద్రాసు ఎల్లిపోద్ది," అంది భార్య దాలమ్మ, గుమ్మంలో టీ గ్లాసు పెడుతూ.

"అవును," అన్నాడు కూర్మయ్య.

దాలమ్మ మరీ అంత ఎక్కువ చేసి చెప్పలేదు. పక్కనే ఉన్న బేలూరులో పాత సామాన్ల కొట్లో దొరికినప్పుడు ఆ డబ్బా ఒక పక్క తుప్పు పట్టి, లోపల బొద్దింకలతో కళకళలాడుతూ ఉండేది. కూర్మయ్య ఎమిరీ కాగితంతో తుప్పు గీకి, తాను కొలువులో చేరిన కొత్తలో బోగీలకు వేసే ఇటుక రంగు పూశాడు. పక్క రేకు కోసి, రైలు కిటికీకి ఉన్నట్టే పైకీ కిందకీ జరిగే షట్టర్ అమర్చాడు. లోపల వేడెక్కితే దాన్ని ఎత్తాలి. నెత్తిన ఇత్తడి పిడి, ముందు వైపు చిన్న తెర, పక్కన స్టేషను బోర్డు మాదిరిగా పసుపు రంగులో తన పేరు, తెలుగులోనూ బంగ్లాలోనూ. లోపలి సామాను నది దాటి వెళ్లి, చాందినీ చౌక్ ఎలక్ట్రానిక్ దుకాణాల్లో అడిగినవాళ్లనే అడిగి, వాళ్లు విసుక్కుంటే టీ తాగించి, ఒక్కొక్కటే తెచ్చుకున్నాడు. చిట్టచివరి ముక్క, గొంతు పట్టే కార్డూ దాని మైకూ, నిన్ననే వచ్చాయి.

నిన్న సాయంత్రం మైకు దాలమ్మ నోటి ముందు పెట్టి మాట్లాడమన్నాడు. "ఏటి మాటాడమంటావు?" అందామె. కూర్మయ్య మౌసు నొక్కాడు. డబ్బాలోంచి దాలమ్మ "ఏటి మాటాడమంటావు?" అంది. అసలు దాలమ్మ వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. కూర్మయ్యకు మాత్రం ఆనందంతో కాళ్లు నేలమీద నిలవలేదు.

ఈ తతంగమంతా ఒక్క గొంతు కోసం. అది కోదండం గొంతు.

కూర్మయ్యా కోదండమూ సోంపేట దగ్గర పక్క పక్క ఊళ్లవాళ్లు. ఒకే జట్టులో కొలువుకి వచ్చారు, వరసకి బావ, బావ అనుకుంటారు. క్రేన్లు రాకముందు బోగీల చక్రాలూ ఇరుసులూ మనుషులే నెట్టేవారు. జట్టు నెట్టేది, కోదండం పాడేవాడు. అతను ఇనుము ముట్టుకున్నది తక్కువ. అతను పాడకపోతే మాత్రం ఆ ఇనుము కదిలేది కాదు. ప్రతి చరణమూ అప్పటికప్పుడు పుట్టేది. "పెద్దదొర పొట్ట జూడు, పెట్టె కన్న బరువు!" అని కోదండం ఎత్తుకుంటే, "హైసా, ఇంకొంచిం హైసా!" అని జట్టంతా అందుకునేది. ఆ పొట్ట గల దొర పక్కనే నిలబడి, తెలుగు రాక, చప్పట్లు కొట్టేవాడు. తర్వాత క్రేన్లు వచ్చి పాట ఆగిపోయింది. కోదండం మొన్న నెలాఖరున రిటైరయ్యాడు. క్వార్టరు అప్పజెప్పేశాడు. ఈ రాత్రి బండికి, ఇక తిరిగి రాకుండా, ఊరికి పోతున్నాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి డబ్బాలో పాట పాడి వెళ్లాలని ఒప్పందం.

ఈలోగా ఇవాళ పనిముట్లకు పూజ చేసే పండగ, విశ్వకర్మ పూజ. కూర్మయ్య డబ్బాను సైకిల్ రిక్షాలో ఒళ్లో పెట్టుకుని వర్క్‌షాపుకి తీసుకుపోయాడు. దారి పొడవునా మేడల మీద పండగ గాలిపటాలు ఎగరేసేవాళ్లు అరుస్తున్నారు. షాపులో లేత్ మిషన్లు తలంటు పోసుకున్న పిల్లల్లా మెరుస్తున్నాయి. సుత్తులకూ స్పానర్లకూ సిందూరం బొట్లు పెడుతున్నారు. కోదండం ఏటేటా చేసినట్టే తన పనిముట్టుకి, అంటే సొంత గొంతు మీద, ఇంత బొట్టు పెట్టుకుని చొక్కా గుండీలు విప్పుకుని తిరుగుతున్నాడు. కుర్రవాళ్లు నవ్వుతున్నారు, అతనూ నవ్వుతున్నాడు.

పూజ కమిటీ పెద్ద, అందరికీ అన్న వరసైన హారాధన్ దాదా కూర్మయ్య డబ్బాను చూసి చేతులు అడ్డం పెట్టాడు.

"ఇది టీవీ. టీవీకి పూజేమిటి? ఇక్కడ యంత్రాలకే చోటు."

మామూలు రోజైతే కూర్మయ్య "అవును దాదా" అని వెనక్కి తిరిగేవాడే. ముప్పై ఏళ్లుగా జట్టులో అన్నది "హైసా", ఇంట్లో అన్నది "ఊ", యూనియన్ మీటింగుల్లో అన్నది "జిందాబాద్". ఎవరో ఒకరు మొదలుపెడితే అందుకోవడమే తప్ప, తనంతట తానుగా ఒక మాట ఎత్తుకున్న మనిషి కాదు. కానీ ఆ డబ్బా మాత్రం అతను ఎవరూ చెప్పకుండా మొదలుపెట్టిన పని. అతనికి కోపం వచ్చింది. సగం తెలుగు, సగం హిందీ కలిసిన తన బంగ్లాలో అందుకున్నాడు.

"టీవీయేటి దాదా? దీనికి మోటారున్నాది, ఫ్యానున్నాది, ఇనప ఒళ్లున్నాది. ఫ్యాను బేరింగులో నూనె కూడా ఏసినాను. మీ లేతుకి ఉన్నవన్నీ దీనికున్నాయి. ఇది యంత్రం కాదని బాబుగారి ముందర సెప్పండి సూద్దాం!"

బాబుగారంటే ఏనుగు మీద కూర్చుని నాలుగు చేతులతో చూస్తున్న మట్టి విశ్వకర్మ. చుట్టూ జనం పోగయ్యారు. షట్టర్ ఎత్తి చూపిస్తే ఈలలు వేశారు. కోదండం అందరికంటే గట్టిగా వేశాడు. హారాధన్ దాదా కళ్లద్దాలు సర్దుకుని లోపలికి తొంగిచూసి, చాలాసేపు ఆలోచించి, యంత్రమేనని ఒప్పుకున్నాడు. లేతుకీ డ్రిల్లుకీ మధ్య పీట వేసి కూర్చోబెట్టాడు. పురోహితుడు బంతిపూలు వేసి, సిందూరం పెట్టి, ధూపం చూపించాడు. కూర్మయ్య జీవితంలో గెలిచిన మొదటి తగాదా అది. కిచిడీ ప్రసాదం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

మధ్యాహ్నం డబ్బాను తిరిగి రిక్షాలోకి ఎక్కిస్తుంటే హారాధన్ దాదా వెనకనుంచి ప్రేమగా కేకేశాడు.

"యంత్రం కదా కూర్మో! రేపు పొద్దున దాకా స్విచ్చి మీద చెయ్యి వేయకు."

కూర్మయ్య ఒక కాలు రిక్షాలో, ఒక కాలు నేలమీద ఉంచి అలాగే నిలబడిపోయాడు. విశ్వకర్మ పూజ నాడు ఏ యంత్రమూ తిరగకూడదు, ఏ పనిముట్టూ ముట్టకూడదు. ఈ సంగతి అతనికి తన పేరు తెలిసినంత బాగా తెలుసు. పోట్లాడి పోట్లాడి తన డబ్బాకు తానే సెలవు ఇప్పించుకున్నాడు. టీవీ అని ఒప్పుకుని ఉంటే భోజనం కాగానే పాట డబ్బాలో ఉండేది.

కోదండం ట్రంకు పెట్టె, పరుపుచుట్టతో భోజనానికి వచ్చాడు. దాలమ్మ వడ్డించిన చేపల పులుసు వేళ్లు నాకి మరీ తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక కూర్మయ్య మైకు చేతిలోకి తీసుకున్నాడు.

"బావా, ఓపాలి నొక్కేస్తాను. బాబుగారికి రేపు దండమెట్టుకుంటాను. ఏటంటావు?"

"అన్నా, పాడీసి ఎల్లు. ఆ పాపమేదో నాను మోసుకుంటాను," అంది దాలమ్మ.

కోదండం మైకు వంక చూశాడు. ఆశపడ్డాడని అతని కళ్లలో తెలిసిపోతూనే ఉంది. అయినా చొక్కా తొలగించి గొంతు మీది బొట్టు చూపించాడు.

"నీ డబ్బాని నువ్వు ఒప్పించగలవేమో బావా. దీన్నేటి సెయ్యమంటావు? ఇన్నేళ్లల్లో ఈ రోజున పని పాట పాడినానేటి? ఇదీ పనిముట్టే కదా. తిండెట్టింది ఇదే."

కూర్మయ్య మైకు కింద పెట్టాడు. "అవును," అన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం ఆ మాట అనడం అతనికి కష్టమైంది.

పొద్దువాలాక ఆటో వచ్చింది. ట్రంకు పెట్టె ఎక్కించడానికి ఇద్దరూ చెరో పక్క పట్టారు. ఎత్తేటప్పుడు అలవాటుగా ఇద్దరి నోళ్లూ తెరుచుకుని, మళ్లీ మూసుకున్నాయి. ఇద్దరికీ నవ్వొచ్చింది. "ఉంటాను బావా," అన్నాడు కోదండం. ఆటో మలుపు తిరిగేదాకా అతని చెయ్యి బయటే ఊగుతూ కనిపించింది.

మర్నాడు తెల్లవారగానే కూర్మయ్య వాడిన బంతిపూలు తీసి, షట్టర్ ఎత్తి, స్విచ్చి వేశాడు. ఫ్యాను చక్కగా తిరిగింది. కోదండం లేకపోతేనేం, పాట తనకు వచ్చు కదా అనుకుని, మైకు దగ్గరికి లాక్కుని పాట పట్టే మీట నొక్కాడు. నోరు తెరిచాడు. ఒక్క చరణమూ మొదలు కాలేదు. అన్నీ చెవిలో వినిపిస్తున్నాయి, నాలుక మీదికి ఒక్కటీ రావడం లేదు. ఎత్తుకోవడం అతనికి ఎన్నడూ పని కాలేదు. బావ మీద బెంగ అప్పుడు తన్నుకొచ్చింది, కళ్లు చెమర్చాయి.

అలా కూర్చుని ఉండగానే, చెవిలో పెద్దదొర పొట్ట మీది చరణం పూర్తయింది. దాని వెంటే, అడగకుండానే, అతని నోటి నుంచి "హైసా, ఇంకొంచిం హైసా!" అని వచ్చేసింది. గట్టిగానే వచ్చింది. వంటింట్లో దాలమ్మ ఉలిక్కిపడి వచ్చింది. కూర్మయ్య వేలు పైకెత్తి ఆగమన్నాడు. చెవిలో రెండో చరణం అయ్యేదాకా ఊరుకుని, మళ్లీ అందుకున్నాడు. మళ్లీ ఊరుకున్నాడు, మళ్లీ అందుకున్నాడు. మూడోసారి నుంచి దాలమ్మ కూడా గొంతు కలిపింది.

పాట అయిపోయాక ఇద్దరూ తెర ముందుకు వంగి, తమ గొంతులు గీసిన పచ్చ గీతను చూశారు.

"మద్దిన కాళీగా ఉన్నాదేటి మావా?"

"అది బావ పాడే సోటు."

దాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "సెరిపీకు. అలగే ఉండనీ. కేసెట్టులోకి ఎక్కించి ఊరికి అంపితే, ఆ కాళీలో అన్న పాడుకుంటాడు," అంది.

కూర్మయ్య తల ఊపాడు. తెర మీద పచ్చ గీత వాళ్లిద్దరి గొంతులున్న చోట ఎగసి ఎగసి పడి, మధ్య మధ్య కోదండం కోసం తిన్నగా, నిశ్శబ్దంగా, ఒక్కో చరణమంత పొడుగున పడుకుని ఉంది.