అడగనియ్యని ఇల్లు

అఖిల చదువేందో వేములపల్లిల ఎవలకూ సమజ్ కాలేదు. బిహేవియర్ అనాలిసిస్‌ల పీజీ. మనిషి ఏ పని ఎందుకు చేస్తడు, ఏం దొరికితే మళ్ల చేస్తడు అని చూసే చదువు.

"అంటే పోలీసు నౌకరా?" అన్నది తల్లి సుగుణమ్మ.

ప్రాక్టికల్‌కు మిర్యాలగూడల రైసుమిల్లు రామ్మూర్తి సేటు ఇల్లు దొరికింది. ఆయన మనుమరాలు నందినికి ఆటిజం. మాట వస్తది గానీ ఏదీ అడగదు. సూర్యాపేట, కోదాడ దవాఖానలన్నీ తిరిగొచ్చిన్రు. శనివారం కాలేజీ మేడమ్ ప్రత్యూష వీడియోల చూస్తది. ఆమె ముందట పిల్ల తనంతట తాను ఒక్కటన్న అడగాలె. అడగకుంటే అఖిల ఏడాది చదువు ఖతం.

ఎట్ల అడుగుతది? బిందె దిక్కు చూస్తే నానమ్మ కమల గ్లాసు నోటికి పెడ్తది. ఉయ్యాల ఎక్కితే తాత ఊపుతడు. చుట్టాలొచ్చినా అంతే, అరటిపండు ఒలిచి చేతుల పెట్టినంకనే పలకరింపు.

"జర ఆగున్రి అమ్మా. ఊపు అన్నంకనే ఊపున్రి," అన్నది అఖిల.

"పసిపిల్లతోటి అడిగిచ్చుకుంటే పాపం తాకుతది," అన్నది కమల.

సేటు గుర్రుమన్నడు. "మా ఇంట్ల పిల్ల అడుక్కునుడేంది? అడుగుడు మీ నాయనకు అలవాటు."

అఖిల నాయన ఉప్పలయ్య ఆ మిల్లులనే హమాలి. బస్తాలు దించేకాడ నీడకు రేకులెయ్యమని సంఘం పెట్టి అడిగినోడు.

"అవ్ సేటూ. అడిగితేనే కద రేకులు పడ్డయ్!"

కమల పక్కున నవ్వింది. సేటు నవ్వలే.

అప్పుడు తట్టింది అఖిలకు. ముందు పాఠం పిల్లకు కాదు, నానమ్మకు. కమల చేతులు ఆపుకున్నప్పుడల్లా, "అబ్బ, ఎంత ఓపికమ్మా మీకు!" అన్నది. ఆ ఇంటికి కోడలై వచ్చినంక కమలను మెచ్చుకున్న నోరే లేదు. రెండు రోజులల్ల చేతులు కొంగుల చుట్టుకొని కూసునుడు నేర్చింది. అఖిల "ఊపు" అంటే నందిని "ఊ" అన్నది. అంతే, ఉయ్యాల ఊగింది.

శనివారం మేడమ్ ఫోన్ల చూస్తున్నది. నందిని ఉయ్యాల ఎక్కింది. ఇయ్యాల అఖిల మాట అందియ్యొద్దు. ఎవలూ కదుల్తలేరు. పిల్ల కాళ్లాడిచ్చింది, మొహం ముడిచింది. సేటుకు పానం ఆగలే, చెయ్యి ముందుకు వోయింది.

"చెయ్యి తియ్యి!" కమల గద్దిచ్చింది. కాపురం మొత్తంల మొదటిసారి. సేటు బిత్తరపోయి ఆగిండు.

నందిని తాత మొహం చూసింది.

"ఊపు."

సేటు సప్పట్లు కొట్టవట్టె. "సప్పట్లు తర్వాత, ముందు ఊపున్రి సేటూ!" అని కేకేసింది అఖిల. సేటు పంచె ఎగ్గట్టి ఊపిండు.

"పాస్, అఖిలా! కానీ ఆ నానమ్మకు ట్రైనింగ్ ఎవరిచ్చారు?" అని మేడమ్ నవ్వింది.

ఊపి ఊపి సేటు చేతులు పడిపోయినయ్. నందిని ఇంక "ఊపు" అంటనే ఉన్నది. కమల కాళ్లు సాపుకొని కూసున్నది.

"ఏమయ్యా, నాకు జర చాయ్ పెట్టుకరా."

"నేనా?"

"అడిగిన కద!"

సేటు వంటింట్లకు నడిచిండు. చాయపత్తి డబ్బ యాడుంటదో ఆయనకు తెల్వది. మళ్ల గడపకాడికొచ్చి అడగవట్టె.