రెండు వైపులా మూసిన గోడ

1958లో కార్తీకం వానలు వెలిశాక ఒకరోజు పొద్దున మౌలాబీ దూది ఏకడానికి కూర్చుంది. దూలానికి వేలాడే విల్లును దూది మీదికి లాగి కొయ్యతో నారిని కొట్టింది. ఖంగుమని మోగాల్సిన నారి మొద్దుగా మోగింది. మళ్ళీ కొట్టింది. అదే మోత. దూది పింజలుగా లేవలేదు, ముద్దలుగా కదిలింది. ముప్పై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషి. దూదికి చెమ్మ తగిలిందని ముట్టుకోకుండానే తెలిసింది. బస్తా గోడకు ఆనించి ఉంది. దాన్ని పక్కకు జరిపి గోడ మీద అరచెయ్యి పెట్టింది. మోకాలి ఎత్తు వరకు గోడ తడిగా ఉంది.

ఆ గోడ ఉమ్మడిది. పర్చూరు పక్క పల్లెలో ఆమె మామ కట్టిన మట్టి ఇంటిని ఇద్దరు కొడుకులు పంచుకున్నారు. తూర్పు సగం పెద్దవాడు బుడేది, పడమటి సగం చిన్నవాడు జాన్ బాషాది. నడిమి గోడ మూరెడు మందం. అందులో జానెడు ఇటు, జానెడు అటు అని పెద్దలు పంపకాలప్పుడే చెప్పారు. మౌలాబీ భర్త బుడే పోయి మూడేళ్ళయింది. ఆమె తూర్పు గదిలో ఉంటూ పరుపులు కుట్టి బతుకుతోంది.

ఏటా ఎండాకాలంలో ఆ గోడకు రెండు వైపులా మట్టి మెత్తి సున్నం కొట్టేవాళ్ళు. ఆ ఏడు జాన్ బాషా ఆ పని మానేశాడు. అతనికి గుంటూరుకు మిరపకాయలు తోలే బండ్లు రెండున్నాయి. ఎవరినో పట్టుకుని సిమెంటు పర్మిటు తెచ్చుకున్నాడు. తన వైపు గోడకు కింది నుంచి పైదాకా సిమెంటు పూయించాడు. మిగిలినదానితో పెరడంతా గచ్చు చేయించాడు. గేదెల తొట్టి దగ్గర ఒలికే నీళ్ళు అంతకుముందు నేలలో ఇంకేవి. ఇప్పుడు గచ్చు మీద జారి గోడ మొదట్లో చేరుతున్నాయి.

మౌలాబీ పెరట్లోకి వెళ్ళి మరిదిని పిలిచింది.

"ఒరేయ్ జాన్ బాషా, నీ తొట్టి నీళ్ళన్నీ నా గోడలోకి దిగుతున్నాయిరా."

"నీ గోడ ఏంది వదినా? సగం గోడ. నా సగం వచ్చి చూసుకో, అద్దంలో మొహం చూసుకున్నట్టుంటది. చెమ్మ నీ వైపుంటే నన్నడుగుతావేంది?"

"అటు నువ్వు మూసేస్తే ఇటు గాక ఎటు పోద్ది?"

"అబ్బో, ఇంజినీరమ్మ గారు! గోడ సంగతంటే దూది ఏకినట్టు అనుకున్నావా?" జాన్ బాషా తొట్టిలో ఇంకో బిందె వంచాడు. "ఆ గది నాకొదిలెయ్. మొత్తం పడగొట్టి ఇటుకతో లేపుతా. నువ్వు వేటపాలెం పోయి కూతురి దగ్గర మనవళ్ళని ఆడించుకో. ఈ వయసులో నీకు గదెందుకు, విల్లెందుకు?"

కూతురు ఖుర్షిదా వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే పనికి పోతుంది. ఒకే గది, అందులో ఐదుగురు. అక్కడ విల్లు వేలాడదీయడానికి చోటు లేదు. విల్లు లేకపోతే మౌలాబీ తినే ప్రతి ముద్దా అల్లుడిది అవుతుంది. ఆ మాట మరిదికి చెప్పలేదు. చెప్పినా అతను నవ్వేవాడు.

దూదేకులవాళ్ళకు తెలిసిన మందు దూది. చలిని ఆపేది దూది, నీళ్ళు తాగేది దూది. మౌలాబీ ఆ లెక్కనే ఆలోచించింది. పాత పరుపుల నుంచి తీసిన దూదిని గోనెసంచుల్లో కూరింది. గోడ పొడవునా నడుం ఎత్తు వరకు వరసగా పేర్చింది. వాటిమీద పలకలు ఆనించి, మంచం కోళ్ళు అడ్డం పెట్టి బిగించింది. ఇరవై రోజులు గది పొడిగా ఉంది. నారి మళ్ళీ ఖంగుమంది. పెరట్లో మరిది కనిపించినప్పుడు ఆమె అతని వైపు కూడా చూడలేదు.

మాఘంలో గదిలో వాసన మొదలైంది. ఫాల్గుణంలో పెరటి వైపు చివర గోడకు పొట్ట వచ్చింది. జాన్ బాషా దాన్ని చూసి వదిన దగ్గరికి రాలేదు. నేరుగా గౌస్ బాషా దగ్గరికి వెళ్ళాడు. ఊళ్ళో తమవాళ్ళకు ఆయన పెద్దమనిషి. ఇళ్ళ తగాదాల్లో ఆయన మాటే చెల్లుతుంది. శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి చూస్తానన్నాడు. తప్పు ఆమెదని తేలితే గది వదలాలి. ఆ కబురు బుధవారం మౌలాబీకి అందింది.

ఆమె జక్రయ్యను పిలిపించింది. అతను క్రైస్తవుల పల్లెలో ఉండే తాపీ మేస్త్రి. చుట్టుపక్కల చర్చిలకు గానుగ సున్నం పని చేసింది అతనే. గదిలోకి వచ్చి ఏమీ అడగకుండా పలకలు తీశాడు. ఒక సంచి లాగాడు. అడుగు ఊడి కిందపడింది. లోపల దూది నల్లబడి ఉంది, చెదలు పట్టి ఉంది. వెనక గోడను వేలితో పొడిచాడు. వేలు రెండు కణుపులు దిగింది.

"ఇదెవరు పెట్టమన్నారమ్మా?"

"నేనే పెట్టాను. చెమ్మ పీల్చుకుంటదని."

"పీల్చుకుంది. పీల్చుకుని ఎటు వదలాల? అటు ఆయన సిమెంటుతో గోడ నోరు మూశాడు. ఇటు నువ్వు దూది కుక్కావు. మట్టిగోడకి గాలి తగలాలమ్మా. తడిసినా ఆరిపోద్ది. ఆరనివ్వకపోతే కుళ్ళిపోద్ది."

మౌలాబీ తలుపు దగ్గరగా వేసింది. "ఈ సంచులు ఇప్పుడే తీసేసి తగలబెడితే శుక్రవారానికి పైపైన ఆరుద్దా?"

"ఆరుద్ది."

"అయితే దూది మాట నువ్వు ఎత్తబాక."

"నేనెత్తను. పెద్దాయన అడిగితే మాత్రం లేదనను. గోడ విషయంలో అబద్ధం చెప్పి, రేపది ఎవరి మీదన్నా పడితే ఆ పాపం ఎవరిది?"

"నీకు కూలిచ్చేది నేనా, ఆయనా?"

"కూలి సున్నానికమ్మా, నోటికి కాదు," అని జక్రయ్య తాపీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె సంచులన్నీ దొడ్డిదారిన మోసుకెళ్ళి పత్తిచేను గట్టున కాల్చింది. శుక్రవారానికి గోడ పైన పొర ఆరింది.

గౌస్ బాషా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. జాన్ బాషా గుమ్మంలో నిలబడ్డాడు. అతని భార్య మాబూబీ పెరట్లో తలుపు చాటున ఉంది. జక్రయ్యను గోడ దగ్గర నిలబెట్టారు.

"మామా, ఈమె లోపలే నీళ్ళు పోసుకుంటది, గుడ్డలు ఉతుకుతది," అన్నాడు జాన్ బాషా. "ఆడమనిషి ఒక్కతే ఉంటే గోడ సంగతి ఎవరు చూస్తారు? రేపు కూలి నా పిల్లల మీద పడితే?"

"లోపల నీళ్ళు పోసుకునేది నీ పెళ్ళాం. నేను కాదు," అంది మౌలాబీ.

"ఆగండాగండి," అన్నాడు గౌస్ బాషా. "మేస్త్రీ, నువ్వు చెప్పు. ఇటు వైపు తప్పేమన్నా ఉందా?"

జక్రయ్య మౌలాబీ వైపు చూడలేదు. గోడ వైపే చూస్తూ నోరు తెరిచాడు. అతనికంటే ముందు ఆమె మాట్లాడింది.

"ఉంది మామా. మూడు నెలలు దూది సంచులు ఆనించి పెట్టాను. చెమ్మ లాగుద్దని పెట్టాను. అది గోడని తినేసింది. మొన్న తీసి కాల్చేశాను."

జాన్ బాషా చేతులు చరిచాడు. "ఒప్పుకుంది! విన్నారుగా మామా? ఒప్పుకుంది! గోడకి పరుపు కుట్టిందంట! ఇంకేం, గది ఖాళీ చేయించండి."

"నాది నేను తీశాను," అంది మౌలాబీ. "వాడి సిమెంటు వాణ్ణి తీయమనండి. అప్పుడు గోడ ఆరకపోతే నేనే పోతా."

"చిన్న గంటు కూడా పెట్టనివ్వను. ఎవడు పెడతాడో చూస్తా."

గౌస్ బాషా గడ్డం నిమురుకున్నాడు. ఆయన కూడా ఇంటికి పూయించడానికి సిమెంటు తెప్పించుకుని ఉన్నాడు. బస్తాలు వసారాలో ఉన్న సంగతి ఊరందరికీ తెలుసు.

"సిమెంటు వల్ల గోడ పాడవ్వటం ఎక్కడా వినలేదు," అన్నాడు. "గవర్నమెంటు కట్టే బడులన్నీ సిమెంటే. తప్పు నువ్వే ఒప్పుకున్నావు, అయినా ఒక అవకాశం ఇస్తున్నా. మృగశిర కార్తె దాకా టైము. తొలి వాన పడేనాటికి నీ వైపు గోడ పొడిగా, నిలువుగా ఉంటే గది నీది. లేదంటే జాన్ బాషాకి వదిలి నీ కూతురి దగ్గరికి పో."

"నా సగం నేను తవ్వుకోవచ్చా మామా?"

"నీ జానెడులో నువ్వేం చేసుకుంటే మాకెందుకు?"

సోమవారం జక్రయ్య గునపం, తాటిదుంగలు తెచ్చాడు. దుంగలు నిలబెట్టి దూలాలకు ఊతం పెట్టాడు. గోడ అడుగున మూరెడు పొడవు, జానెడు లోతు తవ్వి, రాయి పెట్టి, గానుగ సున్నంతో బిగించాడు. పక్కది వదిలేసి దాని అవతలది తవ్వాడు. ఒకేసారి తవ్వితే గోడ కూర్చుంటుంది. మట్టి మోసేది, సున్నం అందించేది మౌలాబీ. సున్నానికి ఆమె చేతులు పొక్కాయి. అటు వైపు నుంచి జాన్ బాషా రోజూ అరిచేవాడు.

"తవ్వు వదినా, తవ్వు! నీ గొయ్యే తవ్వుకుంటున్నావు!"

"నువ్వు దిగి కొలత చూస్తావేంట్రా?"

ఐదో చోట జక్రయ్య గునపం వేయగానే మట్టి తనంతట తనే జారింది. జానెడు దగ్గర ఆగలేదు. జాన్ బాషా వైపు మట్టి కూడా బురదలా వచ్చి మేస్త్రి పాదాల మీద పడింది. ఆ వెనక వేలెడు మందం సిమెంటు బిళ్ళ నిలబడి ఉంది. దాని వీపు మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఇక్కడితో ఆపాలమ్మా. అది ఆయనది," అన్నాడు జక్రయ్య.

మౌలాబీ అతని చేతిలో గునపం లాక్కుంది. రెండు చేతులా పట్టి ఒక్క పోటు పొడిచింది. చేటంత పెచ్చు ఊడి అవతల పడింది.

కన్నంలోంచి మొదట కనిపించింది మాబూబీ మొహం. కన్నానికి అటూ ఇటూ గోడకు ఆనించి మిరపకాయల బస్తాలు పేర్చి ఉన్నాయి. గుంటూరులో ధర పెరిగాక తోలాలని జాన్ బాషా వాటిని ఆపాడు. అతను కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"నా గోడ పగలగొడతావా! నీ చెయ్యి విరిచేస్తా! మామని పిలవండిరా!"

"పిలువు," అంది మౌలాబీ కన్నంలోంచి. "ఇప్పుడే పిలువు. నీ అద్దం వెనక ఏముందో చూసి పోతాడు."

మాబూబీ బురద పడ్డ బస్తాను ఇవతలికి ఈడ్చింది. అడుగు చిరిగింది. కాయలు తెల్లగా బూజు పట్టి ఉన్నాయి. రెండో బస్తా లాగింది. అదీ అంతే. ఆమె లేచి మొగుడి ముందుకు వచ్చింది.

"బస్తాలు బూజు వాసనొస్తున్నాయని, పచ్చికాయ కట్టానని నెల్రోజుల నుంచి నన్ను తిడుతున్నావే? మా పుట్టింటోళ్ళకి కాయ ఆరబెట్టటం కూడా రాదని పదిమందిలో అన్నావే? రా. ఆ గోడలో చెయ్యి పెట్టు. నేను కట్టిన కాయ తడా, నువ్వు కట్టిన గోడ తడా?"

జాన్ బాషా చెయ్యి పెట్టలేదు. బస్తాల వంక చూశాడు. పద్దెనిమిది ఉన్నాయి. "లోపలికి పోవే," అన్నాడు. ఆమె పోలేదు. బస్తాలు ఒక్కొక్కటీ ఈడ్చి గచ్చు మీద కుమ్మరించడం మొదలుపెట్టింది.

అతను దొడ్లోకి వెళ్ళి గడ్డపార తెచ్చాడు. మౌలాబీ వెనక్కి జరిగింది. జక్రయ్య ఆమెకు అడ్డం వచ్చాడు. జాన్ బాషా గడ్డపారతో తన గోడనే కొట్టాడు. నడుం ఎత్తు వరకు సిమెంటు పెచ్చులు పెచ్చులుగా రాల్చాడు. కొట్టిన ప్రతి దెబ్బకూ వదినను ఒక మాట, పెళ్ళాన్ని ఒక మాట అన్నాడు.

"నువ్వు చెప్పావని కాదు! నా కాయ కోసం! వింటున్నావా ఇంజినీరమ్మా? నా కాయ కోసం!"

"ఎవరి కోసమైతే ఏంట్రా. కింద ఇంకో జానెడుంది, అదీ కొట్టు."

గోడ మొదట్లో రెండడుగుల మేర గచ్చు కూడా అతనే పగలగొట్టాడు. తొట్టిని పెరటి అవతలి మూలకు జరిపాడు. తన వైపు సున్నం పనికి జక్రయ్యను పిలవలేదు, మార్టూరు నుంచి వేరే మేస్త్రిని తెచ్చుకున్నాడు. ఇటు జక్రయ్య కన్నం పూడ్చి, పొట్ట చెక్కేసి కొత్తగా మెత్తాడు. రోహిణి ఎండలకు గోడ రెండు వైపులా ఆరింది.

తొలి వాన కురిసిన మర్నాడు గౌస్ బాషా వచ్చాడు. తూర్పు గదిలో గోడ పొడవునా అరచెయ్యి రాసుకుంటూ నడిచాడు. నూలు దారానికి రాయి కట్టి వేలాడదీసి చూశాడు. పొట్ట లేదు. చేతికి అంటిన సున్నం దులుపుకున్నాడు.

"గది నీది," అన్నాడు. సిమెంటు గురించి ఏమీ అనలేదు. గుమ్మం దాటాక జక్రయ్యను పక్కకు పిలిచి, తన ఇంటికి ఒకసారి వచ్చి పొమ్మన్నాడు.

ఆ సాయంత్రం జాన్ బాషా తుమ్మకంప తెచ్చి పెరటికి అడ్డంగా కొట్టాడు. ఇన్నాళ్ళూ ఇద్దరూ తోడుకున్న బావి అతని సగంలో ఉంది. మౌలాబీ కంప ఇవతల నిలబడి చూసింది.

"ఇంకో రెండు మండలు వెయ్యరా, ఆ మూల సందుంది," అంది.

అతను ఆ మూల కూడా మూశాడు. ఆమె బిందె చంకన పెట్టుకుని, వీధి చుట్టి, ఊరబావికి నడిచింది.