గోల తీసేసిన పాఠం

ఫిజిక్స్ మాస్టారు తన తరగతి గుమ్మం బయట నిలబడి తన పాఠం తానే వింటున్నాడు. లోపల తెర మీద ఉన్నది ఆయనే. అదే నీలం చొక్కా, అదే దగ్గు, అదే అరిగిన చాక్‌పీసు. బెంచీల నిండా కూర్చున్నవాళ్ళంతా తెరమీది మాస్టారినే చూస్తున్నారు. గుమ్మంలో ఉన్న మాస్టారికి మాత్రం వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోపలికి పంపొద్దన్నారు సార్. పాఠం జరుగుతోంది."

"పాఠం చెప్పేది నేనేరా!"

"మీరు లోపల చెబుతూనే ఉన్నారు కదా సార్," అన్నాడు వాచ్‌మన్. వాడు వేళాకోళానికి అనలేదు. ఏమనాలో తోచక అన్నాడు.

వరండా చివర నుంచి కరెంటమ్మ ఇదంతా చూసింది. ఆ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే టీచరు ఆమె. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినబడదు. దగ్గరికి వచ్చి, "మాస్టారూ, పదండి, టీ తాగుదాం," అంది.

"నా గొంతు బాగానే ఉందమ్మాయ్," అన్నాడాయన తెర వైపే చూస్తూ. "ఇన్నేళ్ళుగా నేనే వినలేదు."

ఆ సాయంత్రమే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

అది పని చేసుకుంటూ చదువుకునేవాళ్ళ కాలేజీ. మిల్లు షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు, మూతపడిన ఫ్యాక్టరీల వాళ్ళు, బడి మధ్యలో మానేసి ముప్పై ఏళ్ళకి మళ్ళీ పలక పట్టినవాళ్ళు. లెక్కలు, ఫిజిక్స్, కరెంటు పని, లేత్ పని నేర్చుకుని ఒక మెట్టు పైకెక్కుదామని వస్తారు. వయసెంతైనా అక్కడ వాళ్ళని పిల్లలనే అంటారు. అక్కడి టీచర్లు అడిగీ అడిగీ అలిసిపోయారు. పనిచేసే మీటర్లు కావాలన్నారు. చేతి తొడుగులు కావాలన్నారు. ప్రాక్టికల్‌లో పక్కన నిలబడడానికి ఇంకో మనిషి కావాలన్నారు. చివరికి ‘బోధకుల తోడ్పాటు పథకం’ అని ఒకటి వచ్చింది. తొడుగులు రాలేదు, కెమెరాలు వచ్చాయి.

పథకంతో పాటే ఒక డైరెక్టరు కూడా దిగాడు. పిల్లలు ఆయనకి తోడ్పాటు సారు అని పేరు పెట్టారు. మెత్తగా మాట్లాడతాడు. ఎదుటివాడికి మంచినీళ్ళు తానే పోసి ఇస్తాడు. "మీ శ్రమ తగ్గించడానికే ఇదంతా. ఒకసారి చెప్పండి, వంద చోట్ల వినిపిస్తాం," అన్నాడు. టీచర్లు నమ్మారు. అలిసిపోయినవాడికి కుర్చీ చూపిస్తే కూర్చుంటాడు, దాని కింద ఏముందో చూడడు. ఊరి చుట్టూ బ్రాంచీలు వెలిశాయి. వాటిలో టీచర్లుండరు. తెర ఉంటుంది, తెర పెట్టి తీసే వాచ్‌మన్ ఉంటాడు.

కరెంటమ్మకి పాఠం చెప్పడంలో ఒక పద్ధతి ఉంది. ప్రతి పాఠంలోనూ ఒక తప్పు దాచిపెడుతుంది, కావాలనే. తరగతిలో ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని "ఆగండి!" అని అరవాలి. అరిచేదాకా ఆమె ఆగదు.

"మేడం చెప్పింది కదా అని తలాడిస్తే నేను మీకేం నేర్పినట్టు?" అనేది. "రేపు పనిలో సూపర్‌వైజరు వచ్చి, లైను ఆపేశాం, చెయ్యి పెట్టు అంటాడు. అప్పుడు నోరు లేస్తుందా లేదా? నాకు కావలసింది అదీ."

అందరికంటే ముందు అరిచేది స్పిన్నింగు మిల్లులో పనిచేసే అమ్మాయి. యంత్రాల హోరులో మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయింది. దాంతో సైరన్ అనే పేరు ఖాయమైంది. సైరన్ మోగగానే తరగతంతా గొల్లుమనేది. ఆ గోలలోనే పాఠం నడిచేది.

ఒక ఆదివారం పొద్దున కరెంటమ్మ ఇంటి గుమ్మంలో ఒకావిడ నిలబడింది. బట్టల షెడ్డులో గుండీలు కుట్టే మనిషి. వేళ్ళ నిండా సూది గాట్లు. కరెంటమ్మ అత్తగారు కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా తమ్ముడు మీ దగ్గరే చదువుతున్నాడమ్మా."

"ఏ బ్యాచి?"

"రైలు గేటు అవతలి బ్రాంచి. తెరలో మీరే చెబుతారంట కదా." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆస్పత్రిలో ఉన్నాడు. అక్కడ ప్రాక్టికల్ చేస్తుంటే కరెంటు కొట్టి అవతలికి విసిరేసిందంట. తెలివి రాలేదు. కాలేజీ వాళ్ళొచ్చి తప్పంతా వాడిదే అన్నారు. వాడట్లాంటోడు కాదమ్మా. చిన్నప్పట్నుంచీ చెప్పింది చెప్పినట్టు చేసే రకం. దేంట్లో తప్పాడో అడుగుదామని వచ్చా. ఇది చూసి చెప్పండి," అంటూ తన ఫోను అందించింది.

ఫోనులో కరెంటమ్మ తన ముఖం తాను చూసుకుంది. వెనకాల పెద్ద మోటార్ల ప్యానెల్ తెరిచి ఉంది. తెరమీది కరెంటమ్మ నవ్వుతూ అంటోంది: "మెయిన్ ఆపేశాం. ఫ్యూజులు తీసేశాం. ఇక చెయ్యి పెట్టొచ్చు." వెంటనే తర్వాతి మాట: "ఇప్పుడు వైర్లు ఎలా విప్పాలో చూద్దాం."

ఆమె వీడియో వెనక్కి జరిపి మళ్ళీ చూసింది.

ఆ రెండు మాటల మధ్య ఒక తరగతి మొత్తం ఉండేది. సైరన్ "ఆగండి మేడం!" అని లేచింది. ప్యానెల్‌లోని కెపాసిటర్లు మెయిన్ ఆపేసినా కరెంటు దాచిపెట్టుకుంటాయని, ముట్టుకుంటే మనిషి పోతాడని వెనక బెంచీ వాళ్ళు వాదించారు. వాటిలో ఉన్నదంతా దించేసి, మీటరు పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టాలని ముందుకొచ్చి చేసి చూపించారు. ఆమె శభాష్ అంది. ఇప్పుడు ఆ అరుపు లేదు, ఆ వాదన లేదు. అతుకు కూడా కనబడనంత నున్నగా కలిపేశారు.

"మీ తమ్ముడు ఏ తప్పూ చేయలేదమ్మా," అంది కరెంటమ్మ. "నేను చెప్పినట్టే చేశాడు."

అక్క ఆమెని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని కరెంటమ్మకి అనిపించింది. "ఈ మాట అందరి ముందూ చెప్పండమ్మా," అని మాత్రం అని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం లేత్ షెడ్డులో అందరూ కూడారు. టీచర్లు, పిల్లలు, ఉద్యోగం పోయిన ఫిజిక్స్ మాస్టారు. యంత్రాలన్నీ ఆపేశారు. నూనె వాసన, ఇనప రజను, మాట్లాడడానికి భయపడుతున్న మనుషులు. కరెంటమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఆ అరుపు తీసేసింది ఎవడు?" సైరన్ లేచింది. "ఎవడి చేతులు పడిపోవాలో చెప్పండి!"

లెక్కల మాస్టారు మూలన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కంప్యూటరు తెలిసినవాడని వీడియోలు సరిచేసే పని ఆయన నెత్తిన పెట్టారు. లేచి నిలబడ్డాడు. చెమటతో కళ్ళద్దాలు జారుతున్నాయి.

"నేనే. పిల్లల గోల ఎక్కడున్నా తీసెయ్యమన్నాడు తోడ్పాటు సారు. తీసేశా. నాకు కరెంటు సంగతి తెలియదు."

"తెలియకపోతే అడగాలి కదండీ!"

"అడిగితే ఫిజిక్స్ మాస్టారి పక్కన నిలబడేవాణ్ణి," అన్నాడు. "నాకిద్దరు పిల్లలమ్మా. వాళ్ళ ముఖాలు చూసి నోరు మూసుకున్నా."

"చచ్చేదాకా వచ్చినవాడికీ అక్క ఉంది!" ఎవరో అరిచారు. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు. ఫిజిక్స్ మాస్టారు మధ్యలో దూరి విడిపించాడు.

"వదలరా! వీణ్ణి కొడితే ఎవడికి హాయి? పైనున్న తోడ్పాటు సారుకి. మనలో మనం జుట్టూ జుట్టూ పట్టుకోవాలనే ఆయన కోరిక. ఒక్క సంగతి ఆలోచించండి. మీ నోళ్ళు వాళ్ళకి గోల. మా నోళ్ళు వాళ్ళకి సరుకు. మా నోళ్ళు తెర మీదికి పోయాయి, మీవి చెత్తబుట్టలో పడ్డాయి. రెండూ ఒక గదిలో ఉంటేనే అది చదువు. ఇక మీదట ఏ టీచరూ కెమెరా ముందుకి పోకూడదు. తెర ముందు ఎవరూ కూర్చోకూడదు."

"సర్టిఫికెట్లు ఆపేస్తే?" ఒక వెల్డరు అడిగాడు. "మీకేం, మాట్లాడి పోతారు. ఆ కాగితం కోసం నేను రెండేళ్ళుగా నిద్ర మానుకున్నా."

అతనిది పిరికితనం కాదు. కడుపు మాట్లాడుతోంది. వాదన తెగలేదు. చేతులెత్తమంటే సగం చేతులే లేచాయి. షెడ్డు తలుపు దగ్గర ఎవరిదో నీడ కదిలి పక్కకి తప్పుకుంది.

మర్నాడు పొద్దున ఆస్పత్రిలో తమ్ముడు చనిపోయాడు.

తోడ్పాటు సారు కరెంటమ్మని గదికి పిలిపించాడు. గ్లాసులో నీళ్ళు పోసి ముందుకి జరిపాడు.

"చాలా బాధగా ఉంది మేడం గారూ. రేపు అన్ని బ్రాంచీలకీ ఒకేసారి ప్రత్యక్షంగా ఒక సంతాప పాఠం పెడుతున్నాం. మీరు రెండు ముక్కలు చెబితే చాలు. జాగ్రత్తలన్నీ చెప్పాను, ఆ విద్యార్థి పాటించలేదు. అంతే."

"చెప్పకపోతే?"

"మీ ఇష్టం. తెర మీద నోరు మీది. చెయ్యి పెట్టొచ్చు అన్నది మీరు. పోలీసులు ఎవరి మాట వింటారో మీకు తెలియంది కాదు." ఆయన గొంతు ఎప్పటిలా మెత్తగానే ఉంది. "నిన్న షెడ్డులో చేతులెత్తినవాళ్ళు కూడా నాకు తెలుసు. వాళ్ళ భవిష్యత్తు కూడా ఆలోచించండి. నీళ్ళు తాగండి మేడం."

ఆమె తాగలేదు.

ఇంట్లో భర్త కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాం. జైలంటే ఏం చేస్తామే?" అన్నాడు. వంటింట్లోంచి అత్తగారు అంది: "ఆ పిల్లాడి అక్క మన గుమ్మంలో నిలబడి పోయిందిరా. అప్పట్నుంచీ ఆ గుమ్మం దాటాలంటే నాకు కాలు రావడం లేదు. దాన్ని చెప్పనీ."

మర్నాడు పెద్ద హాలులో కెమెరా దీపాలు వెలిగాయి. కిటికీలన్నీ మూసేశారు. తరగతిని వరసగా కూర్చోబెట్టారు. నోరు మెదిపినవాడి పేరు కొట్టేస్తామని ముందే చెప్పారు. తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు. ముందు వరసలో తమ్ముడి అక్కని కూర్చోబెట్టి చేతిలో దండ పెట్టారు. మూలన కంప్యూటరు ముందు లెక్కల మాస్టారు, ఆయన వెనకే తోడ్పాటు సారు.

ఎర్ర దీపం వెలిగింది. జాగ్రత్తలు చెబుతున్నట్టు కనబడాలని అక్కడ పెట్టించిన మోటార్ల ప్యానెల్ పక్కన కరెంటమ్మ నిలబడింది. బ్రాంచీ బ్రాంచీలో తెరల ముందు కూర్చున్న ముఖాలు ఆమెకి కనబడవు. కానీ ఉన్నాయి.

"చనిపోయిన విద్యార్థి పాఠం వినలేదని మీకు చెప్పమన్నారు," అంది. "అతను విన్న పాఠం ఇది. మెయిన్ ఆపేశాం. ఫ్యూజులు తీసేశాం."

చెయ్యి ఎత్తి కెపాసిటర్ల వైపు చాచింది.

"ఇక చెయ్యి పెట్టొచ్చు."

సైరన్ పిడికిళ్ళు బిగించి నేలకేసి చూస్తోంది. వెల్డరు పెదవి కొరుక్కుంటున్నాడు. కరెంటమ్మ చెయ్యి ముందుకి జరిగింది. అరిచేదాకా ఆగకూడదన్నది ఆమె పెట్టిన నియమమే. వేళ్ళకీ ప్యానెల్‌కీ మధ్య జానెడు కూడా లేదు.

"ఆగండి!"

సైరన్ కాదు. సర్టిఫికెట్ కోసం నిద్ర మానుకున్న వెల్డరు. బెంచీ కింద పడింది. "ఆగండి మేడం! అందులో కరెంటు ఉంటుంది!"

"ఆగండి!" సైరన్ లేచింది. మొత్తం హాలు లేచింది. "దించకుండా ముట్టుకోకూడదు! మీటరు పెట్టి చూడాలి!"

"ఆపెయ్," అన్నాడు తోడ్పాటు సారు. మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "మాస్టారూ, ఆ గోల ఆపెయ్!"

లెక్కల మాస్టారు మీటల మీది నుంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళద్దాల వెనక నీళ్ళు కారుతున్నాయి. "గోల కాదు సార్," అన్నాడు. "పాఠం. ఆ రోజు నేను తీసేసింది ఇదే."

కరెంటమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని కెమెరాలోకి చూసింది. "విన్నారుగా. ఈ అరుపు మీ దాకా రానివ్వలేదు. అందుకే మీ పక్కన కూర్చునేవాడు ఈ రోజు లేడు. తప్పు అతనిది కాదు."

తోడ్పాటు సారు వైరు పీకేశాడు. ఎర్ర దీపం ఆరిపోయింది. అక్క దండని ఒళ్ళో గట్టిగా పట్టుకుని తలెత్తి కూర్చుంది. ఆమె తమ్ముడి మీద పడిన మచ్చ అందరి ముందూ పోయింది.

కానిస్టేబుళ్ళు కరెంటమ్మని జీపు ఎక్కించారు. పిల్లలు, టీచర్లు గేటుకి అడ్డం నిలబడ్డారు. వాళ్ళలో లెక్కల మాస్టారు కూడా ఉన్నాడు. లాఠీలు లేచాయి. ఫిజిక్స్ మాస్టారి నుదురు పగిలింది. జీపు సందు చేసుకుని రోడ్డెక్కింది.

మలుపు దగ్గర జీపులో వైర్‌లెస్ గురగురలాడింది.

"సార్, రైలు గేటు బ్రాంచి దగ్గర్నుంచి. ఇక్కడ అందరూ రోడ్డు మీదికొచ్చేశారు. తెర చింపేశారు. ఏదో ఒకటే మాట అరుస్తున్నారు సార్."

"ఏం మాట?"

అవతలి మనిషి చెప్పనక్కర్లేకపోయింది. అతని వెనకాల నుంచే వినబడుతోంది, వందల గొంతులు కలిసి: "ఆగండి! ఆగండి!" అంతలో ఇంకో బ్రాంచి నుంచి కబురు. ఆ వెంటనే మరొకటి.

ఇన్‌స్పెక్టరు గోల తగ్గించడానికి మీట తిప్పాడు. మాటలు తగ్గాయి కానీ ఆ అరుపు అక్కడే ఉంది. కరెంటమ్మ బేడీల చేతులు ఒళ్ళో పెట్టుకుని, తరగతిలో పిల్లల జవాబు వినేటప్పుడు కూర్చున్నట్టే కూర్చుని వింది.