మూఢంలో సినిమా

క్యాసెట్టును ముందుకు తిప్పి, అప్పగింతలు ఎక్కడ అయిపోయాయో చూసుకుంటున్నాడు సుభానీ. టీవీలో పెళ్లికూతురు తల్లి మెడ పట్టుకుని ఏడుస్తోంది. తండ్రి కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. కారు తలుపు పడింది, కారు కదిలింది, ఆపైన తెర నిండా చుక్కలు. ఆ చుక్కలు కనపడగానే సుభానీ మొహం విప్పారింది. ఇంకా కాస్త టేపు ఖాళీగా ఉంది. సినిమాలో మిగిలిన ఆఖరి షాట్‌కి అది చాలు.

పర్చూరు సెంటర్లో వీడియో షాపు సుభానీ అంటే చుట్టుపక్కల ఊళ్లలో తెలియని వాళ్లు లేరు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. బట్టతల, బానపొట్ట, ఇరవయ్యేళ్లుగా కెమెరా మోసి మోసి ఒకవైపు కిందికి జారిన కుడిభుజం. ఇస్త్రీ చొక్కా వేసినా ఆ వంకర దాగదు. అతను పెళ్లి తీసిన జంటలకు పుట్టిన పిల్లలు పదో తరగతికొచ్చారు. కుర్రతనంలో ఒకసారి మద్రాసు వెళ్లి, స్టూడియో గేటు ముందు వారం రోజులు నిలబడి, లోపల ఏముందో చూడకుండానే తిరిగొచ్చాడు. ఆ సంగతి తనే చెప్పి తనే నవ్వుతాడు. కానీ సినిమా పిచ్చి ఆ గేటు దగ్గర వదిలిపెట్టి రాలేదు, వెంట తెచ్చుకున్నాడు.

ఆ పిచ్చి తీర్చుకునే దారి అతనికి మూఢం చూపించింది. మూఢమంటే పంచాంగం ప్రకారం శుభకార్యాలు చెయ్యని రోజులు. పెళ్లిళ్లుండవు. పురోహితుడు, బ్యాండువాళ్లు, వంటవాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు. సుభానీకి మాత్రం అదే సీజను. పెళ్లివారికి ఎడిట్ చేసిన క్యాసెట్టు ఇచ్చేస్తే షూటింగ్ క్యాసెట్టు తనకు మిగులుతుంది కదా, ఆ క్యాసెట్ల చివర అప్పగింతల తర్వాత ఉండే ఖాళీ మీద సినిమా తీసేవాడు. మూఢం మూఢానికీ కొంచెం కొంచెంగా నాలుగేళ్లు లాగాడు.

మిరపకాయలకు తొడిమలు తీసే ఒక ఆడమనిషి కథ అది. హీరోయిను నిజంగానే తొడిమలు తీసే వెంకటేశ్వరమ్మ. మూఢంలో మొదలెడితే అచ్చిరాదని ఆవిడ మొదట్లో మొరాయించింది. సుభానీ పంచాంగం చూపించుకుని, మంచి ముహూర్తాన, రెండు పెళ్లిళ్ల మధ్య దొరికిన గంటలో కొబ్బరికాయ కొట్టించి ఒక్క షాట్ తీశాడు. ఇక మొదలైపోయింది గదా, తరవాతదంతా నడిపించుకోవడమేగా అన్నాడు. మాట సబబుగానే ఉందని ఆవిడ ఒప్పుకుంది.

నాలుగేళ్లంటే మాటలా. రెండో ఏడు, మూడో ఏడు మధ్య వెంకటేశ్వరమ్మ ముందు పన్ను ఊడింది. దాంతో హీరోయిను పన్నుతో ఇంట్లోకి వెళ్లి, పన్ను లేకుండా మంచినీళ్లు తాగి బయటికొస్తుంది. సముద్రం ఎదురుగా దిగులుగా నిలబడే షాట్ కోసం వాడరేవు తీసుకెళ్తే, ఆవిడ అంతకుముందు సముద్రం చూసెరగదు, దిగులు సంగతి దేవుడెరుగు, నీళ్లలోంచి బయటికే రానంది. పొద్దుగూకేదాకా అలలతో ఆడుకుంది. దాన్ని కూడా తీశాడు సుభానీ. కథలో ఎక్కడా ఇమడలేదు. తీసెయ్యడానికి మనసు రాలేదు.

ఇంకోసారి ఇంకొల్లు పెళ్లి క్యాసెట్టులో పొరపాటున వెంకటేశ్వరమ్మ వచ్చి కూర్చుంది. తలంబ్రాలు అవగానే ఆవిడ తొడిమలు తీస్తూ కనపడుతుంది. తప్పు తెలిసి సుభానీ పరిగెత్తుకుంటూ వెళ్తే, పెళ్లికూతురువాళ్లు ఆవిడ పెళ్లికొడుకు తరఫు చుట్టమనీ, పెళ్లికొడుకువాళ్లు అటు తరఫనీ అనుకుని, మాట వస్తుందేమోనని ఎవరూ కదపలేదట. ఇప్పటికీ ఆ పెళ్లిలో ఆవిడ అలాగే ఉంది.

"ఇవాళన్నా అయిపోద్దా?" అంది నసీమున్నీసా, టిఫిన్ గిన్నె సంచిలో పెడుతూ. ఆవిడ సుభానీ భార్య. షాపు వెనక గదిలో రెండు వీసీఆర్లు పెట్టుకుని పెళ్లిళ్లు అతికేది ఆవిడే. మొగుడి సినిమా అతికిందీ ఆవిడే, ఆఖరి షాట్ ఒక్కటే మిగిలింది. పెళ్లి క్యాసెట్లలోలాగా మీ సినిమాలో ఒక్క గులాబీ పువ్వన్నా గిర్రున తిరగదేమండీ అని ఎగతాళి చేస్తుంది గానీ, ఎక్కడ కోస్తే బాగుంటుందో ఆవిడ వేళ్లకు తెలుసు. చీరాల డాక్టరు బరువులు మొయ్యొద్దన్నాడని, పరీక్షలకు రమ్మన్నాడని గుర్తుచేసింది. ఈ ఒక్క షాట్ అవనీ అన్నాడు సుభానీ.

అవ్వాలి కూడా. రేపటితో మూఢం వెళ్లిపోతుంది. ఎల్లుండి నుంచి వరసగా పెళ్లిళ్లు. ఆ చుట్టుపక్కల కల్లాల్లో ఇంకా మిరపకాయ ఉన్నది పెద్దరైతు చెంచురామయ్య గారి కల్లంలోనే, అదీ ఇవాళ లారీకెత్తి గుంటూరు మిర్చి యార్డుకు తోలుతున్నారు. ఎర్రటి కల్లం లేకపోతే ఆఖరి షాట్ లేదు. మళ్లీ కాయ వచ్చేదాకా ఆగితే వెంకటేశ్వరమ్మ నోట్లో ఇంకెన్ని పళ్లుంటాయో చెప్పలేం.

టీవీఎస్ మీద కెమెరా పెట్టె కట్టుకుని వెళ్లేసరికి కల్లంలో సగం కాయ బస్తాలకెక్కింది. మిగతా సగం ఎండలో భగ్గుమంటోంది. సుభానీకి దగ్గు అందుకుంది. ఎప్పుడూ అంతే. కల్లంలో ఎవరూ దగ్గరు, డైరెక్టరు గారు తప్ప. తొలి ఏడు హీరోయిను ఘాటుకు దగ్గే షాట్ ఒకటి రాసుకున్నాడు. వెంకటేశ్వరమ్మకు ఎంతకీ దగ్గు రాలేదు. టేపు నిండా అతని దగ్గే వినపడింది.

వెంకటేశ్వరమ్మ పసుపు పూల నీలం చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. పొడుగ్గా, నల్లగా, ఎండు కట్టెలా ఉంటుంది మనిషి. వేళ్ల చివర్లు ఎర్రబారి ఉంటాయి, ఎంత కడిగినా పోదు. బస్తాలన్నీ లారీ ఎక్కుతుంటే, సీజనంతా ఆ కాయ మధ్య బతికిన మనిషి కల్లం దాటి వెళ్లిపోవాలి. గట్టు మీద ఆగి వెనక్కి చూసి ఏడవాలి. అదీ షాట్. ఆ ఏడుపు సుభానీ నాలుగేళ్లుగా కళ్లు మూసుకుని చూసుకుంటున్నాడు.

స్టాండు ఎక్కువ ఎత్తు రాదు. బస్తాల మీదికి ఎక్కి కెమెరా భుజానికెత్తుకున్నాడు. రెండు బస్తాలెక్కేసరికి రొప్పొచ్చింది. ఎడమ చెయ్యి లాగింది. మిరప ఘాటులే అనుకుని కాసేపు ఆగి, కానివ్వమన్నాడు.

వెంకటేశ్వరమ్మ నడిచింది. బాగా నడిచింది. సరిగ్గా సగం కల్లం దాటిందో లేదో, లారీ చూసుకోవడానికి చెంచురామయ్య గారు తెల్లచొక్కా వేసుకుని అటునుంచి వచ్చాడు. సుభానీ కెమెరా తనంతట తనే హీరోయిన్ని వదిలేసి గిర్రున ఆయన మీదికి తిరిగింది. ఏం చేస్తాడు, ఇరవయ్యేళ్ల అలవాటు. పెళ్లిలో పెద్దమనిషి లోపలికి వస్తే కెమెరా ఆయన వైపు తిరిగి తీరాలి. తిరక్కపోతే క్యాసెట్టు చూసినరోజు గొడవే. చెంచురామయ్య గారికీ అలవాటే. కెమెరా తన మీద పడగానే ఆగి, కండువా సర్దుకుని, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు.

లారీకెత్తే ముఠావాళ్లు బస్తాలు దించి మరీ నవ్వారు. సుభానీ తల బాదుకుని, తర్వాత తనూ నవ్వాడు. చెంచురామయ్య గారు నొచ్చుకుని, నేను కనపడకుండా ఉంటాలేరా అని తనే వెళ్లి లారీ వెనక కూర్చున్నాడు. డ్రైవరు ఇంజను ఆపాడు. సినిమా అవ్వనీ, గుంటూరు ఎక్కడికీ పోదులే అన్నాడు. టేపు కొంచెమే మిగిలింది. సుభానీ బతిమాలుకున్నాడు, ఈసారన్నా కళ్లనీళ్లు పెట్టుకో అక్కా అని.

రాదంది వెంకటేశ్వరమ్మ. మిరపకాయకే రాని కళ్లనీళ్లు ఊరికే ఎట్టా వస్తాయంది. పోయినవాళ్లను తలుచుకోమన్నాడు. పోయినవాళ్ల కోసం ఏడవాల్సినప్పుడు ఏడిచాను, మళ్లీ ఎందుకంది. కల్లం వదిలి వెళ్లిపోతున్నావు గదా, దిగులుండదా అన్నాడు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని బస్తాల మీదున్న అతన్ని ఎగాదిగా చూసింది.

"నేనేమన్నా అత్తారింటికి పోతన్నానా సుభానీ, ఏడవడానికి? పని అయిపోయింది. మా ఇంటికి పోతన్నా."

సుభానీ కెమెరా కిందికి దించాడు. ఎన్ని వందల మంది ఆడపిల్లలు ఏడుస్తూ వెళ్లిపోతుంటే తీశాడో అతనికే లెక్క తెలియదు. కన్నీరు రాగానే జూమ్ చెయ్యడం వేలికి వచ్చేసింది. అందుకే తన సినిమాలోనూ ఆడమనిషి వెళ్లిపోవడమంటే అప్పగింతలే అనుకున్నాడు. నాలుగేళ్లుగా అనుకున్నాడు. అనుకుని ఈ మనిషిని ఏడిపించాలని చూశాడు. ఒక్కసారిగా సిగ్గేసింది. ఆ వెంటనే ప్రాణం తేలికైంది.

"సరే అక్కా. మీ ఇంటికే పో. నేను తీసుకుంటా."

వెంకటేశ్వరమ్మ చీర దులుపుకుంది. కొప్పు ముడేసుకుంది. కల్లం అంచు వెంట నడుస్తూ, కాలికి అడ్డమొచ్చిన ఒక కాయను వంగి తీసి కుప్పలోకి విసిరింది. గట్టెక్కింది. అక్కడ ఆగి వెనక్కి చూసింది, ఆ చూడమన్న సంగతి మాత్రం మర్చిపోలేదు. ముఠాలో ఎవరో ఏదో అంటే, దానికి ఆవిడేదో అని, పన్ను లేని నోటితో ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే అటు తిరిగి చేలకు అడ్డంపడి వెళ్లిపోయింది. సుభానీ జూమ్ చెయ్యలేదు. ఆవిడ నీలం చుక్కయ్యేదాకా కెమెరా కదపకుండా పట్టుకున్నాడు. ఒక్క దగ్గు కూడా రాలేదు.

టేపు అయిపోయి కెమెరా టక్కుమని ఆగింది. అయిపోయింది, అయిపోయిందని అరుస్తూ బస్తాల మీంచి దిగాడు. చెంచురామయ్య గారిని కౌగిలించుకున్నాడు, లారీ డ్రైవరుని కౌగిలించుకున్నాడు. ఈ సినిమా ఏ హాల్లో ఆడుద్దిరా అని చెంచురామయ్య గారు అడిగితే, ఆడకపోతే మా ఇంట్లో ఆడుద్ది అన్నాడు. అందరూ కల్లమంతా మోగేలా నవ్వుతుండగానే టీవీఎస్ తన్ని బయల్దేరాడు. దారంతా ఈల వేసుకుంటూ పోయాడు.

గుమ్మంలో నసీమున్నీసా అతని కాళ్లకేసి చూసింది. చెప్పులేవండీ అంది. సుభానీ కూడా అప్పుడే చూసుకున్నాడు. ఎర్ర దుమ్ముతో ఉత్త కాళ్లు. నవ్వు ఆపుకోలేక గోడకానుకున్నాడు. రేపు తెచ్చుకుంటాలే, ముందు ఇది అతుకు అని క్యాసెట్టు చేతిలో పెట్టాడు.

ఆవిడ వెనక గదిలో కూర్చుని అతికింది. మధ్యాహ్నం ఎండ తిరిగాక ఇద్దరూ మొదటి నుంచి చివరిదాకా చూశారు. పన్ను ఊడిన చోట నసీమున్నీసా ఎప్పటిలాగే నవ్వింది. సముద్రం దగ్గర, ఇది తీసెయ్యకపోవడమే మంచిదైంది అంది. ఆఖరి షాట్ అయిపోయింది. తెర మీద చుక్కలొచ్చాక కూడా చూస్తూనే ఉంది. చివరికి, "గులాబీ పువ్వు అక్కర్లేదండీ," అంది.

ఇరవయ్యేళ్ల కాపురంలో ఆవిడ అతన్ని అంతకంటే మెచ్చుకున్నది లేదు. సుభానీ అలా మురిసిపోయి, కాస్త నడుం వాలుస్తానని వరండాలో మంచం మీద పడుకున్నాడు. సాయంత్రం అసర్ నమాజు వేళకు ఆవిడ టీ పట్టుకొచ్చింది. లేపింది. మొహంలో ఆ మురిపెం అలాగే ఉంది, మనిషే లేడు.

మర్నాడు పర్చూరులో షాపులన్నీ మూసేశారు. అంతిమయాత్రలో జనాజా వెంట పురోహితుడు నడిచాడు, బ్యాండువాళ్లు నడిచారు, అతను పెళ్లి తీసిన మొగవాళ్లు ఎంతమందో నడిచారు. వెంకటేశ్వరమ్మ నీలం చీరలోనే వచ్చి నసీమున్నీసా పక్కన కూర్చుంది. తర్వాత నసీమున్నీసా ఆవిడకు సినిమా చూపించింది.

చెంచురామయ్య గారి కల్లం ఖాళీ అయింది. కాయ మధ్యకు చెప్పులతో ఎవరూ దిగరు గనక, కూలివాళ్లంతా విడిచే చోట, గట్టు పక్కన, ఒకే ఒక జత మిగిలింది. కల్లం ఊడ్చేవాళ్లు దాని చుట్టూ ఊడ్చుకుంటూ పోయారు. మడమల దగ్గర అరిగిన తోలుచెప్పులు, కుడిదాని మీద ఎండుమిరప గింజలు రెండు.